ఈమధ్య ఏం చదివారు? – అమెరికాలో పఠనగోష్ఠుల చరిత్ర, అందులో తెలుగువారి చోటు

1727 శరత్కాలంలో ఫిలడెల్ఫియా నగరంలో పన్నెండుమంది యువకులు ప్రతి శుక్రవారం సాయంత్రం ఒకచోట చేరడం మొదలుపెట్టారు. అద్దాల పనివాడు ఒకడు, చెప్పులు కుట్టేవాడు ఒకడు, వడ్రంగి ఒకడు, భూముల కొలతలు తీసేవాడు ఒకడు, దస్తావేజులకు నకళ్ళు రాసేవాడు ఒకడు. వారిని కూడగట్టినవాడు ముద్రణాలయంలో పనిచేస్తున్న బెంజమిన్ ఫ్రాంక్లిన్. అప్పటికి అతని వయసు 21. ఆ కూటానికి వారు పెట్టుకున్న పేరు జుంటో. సమావేశం మొదలయ్యే ముందు సభ్యులు తమను తాము వేసుకోవలసిన ప్రశ్నల జాబితా ఒకటి ఉండేది. మొత్తం 24 ప్రశ్నలు. వ్యాపారంలో ఎవరు దెబ్బతిన్నారు, ఊరికి కొత్తగా ఎవరు వచ్చారు, ఏ చట్టం మారాలి వంటి వ్యవహారాలన్నీ అందులో ఉన్నాయి. కానీ అన్నిటికంటే ముందున్న ప్రశ్న పుస్తకం గురించి: చివరిగా మీరు చదివిన రచయితలో నలుగురితో పంచుకోదగ్గది ఏమైనా కనిపించిందా అని.

ఈ ప్రశ్నలో గమనించవలసిన సంగతి ఒకటుంది. ఇది గొప్ప పుస్తకం ఏది అని అడగడం లేదు. పుస్తకం మీద తీర్పు చెప్పమనడం లేదు. చదువు సాగుతున్న మనిషిని, ఆ చదువులో తగిలినదాన్ని చెప్పమంటున్నది. సమీక్షకూ, చదువుతూ ఉన్న పుస్తకం మీద పంచుకునే అభిప్రాయానికీ తేడా ఇక్కడే ఉంది. సమీక్ష ముగిసిన ఆలోచన. గోష్ఠిలో చెప్పే అభిప్రాయం ఇంకా మారడానికి వీలున్న ఆలోచన. అమెరికాలో పఠనగోష్ఠుల చరిత్రను ఈ తేడా దృష్ట్యా చూస్తే రెండు విషయాలు పదేపదే ఎదురవుతాయి: అభిప్రాయం చెప్పే అర్హత ఎవరికుంది, ఒకరి అభిప్రాయాన్ని మరొకరు ఎలా కాదనాలి. అమెరికాలో తెలుగువారు పెట్టుకున్న పఠనగోష్ఠులు కూడా ఈ రెండు ప్రశ్నలనూ తప్పించుకోలేవు.

అభిప్రాయం నేరమైన కాలం

జుంటోకు దాదాపు తొంభై ఏళ్ళ ముందు, బోస్టన్‌లో, మాట్లాడుకోవడమే నేరంగా మారిన సందర్భం ఒకటి ఉంది. 1634లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన ఆన్ హచిన్సన్ తన ఇంట్లో వారం వారం స్త్రీలను సమావేశపరిచి, అంతకుముందు ఆదివారం చర్చిలో విన్న ప్రసంగాన్ని చర్చించేది. అది నేటి అర్థంలో పుస్తకగోష్ఠి కాదు. అయితే ఒక పాఠాన్ని విని, దాని అర్థమేమిటని పదిమంది కూర్చుని తర్కించుకోవడమే అక్కడ జరిగింది. తర్వాత పురుషులూ రాసాగారు. వచ్చేవారి సంఖ్య అరవై దాటింది. ప్రసంగాన్ని మననం చేసుకోవడం వరకు పెద్దలకు అభ్యంతరం లేదు. ఫలానా బోధకుడు చెప్పింది సరికాదని ఆమె అనడంతో చిక్కు వచ్చింది. 1637లో విచారణ జరిపి ఆమెను వలసరాజ్యం నుంచి బహిష్కరించారు. విచారణలో మతసిద్ధాంతాల వివాదంతోపాటు, ఒక స్త్రీ తన ఇంట్లో ఇటువంటి సమావేశాలు జరపడమే ఆమె మీద మోపిన తప్పుల్లో ఒకటి.

ఈ నేపథ్యంలో చూస్తే జుంటో సభ్యులు చేసుకున్న ఒక ఏర్పాటు విలువ తెలుస్తుంది. ఖండితంగా మాట్లాడడం, ఎదుటివారి మాటను ముఖం మీద కాదనడం నిషిద్ధమని నియమం పెట్టుకుని, దాన్ని మీరినవారికి చిన్నపాటి జరిమానా వేసేవారు. దీన్ని మర్యాద కోసం పెట్టుకున్న నియమమని మాత్రమే అనుకోనక్కరలేదు. ఓడిపోయానన్న చిన్నతనం లేకుండా మనిషి తన అభిప్రాయం మార్చుకోగల చోటును అది కల్పించింది. చర్చలకు పుస్తకాలు కావలసివచ్చి సభ్యులు మొదట తమ సొంత పుస్తకాలను సమావేశపు గదిలో ఒకచోట పెట్టారు. సరిగా చూసేవారు లేక ఏడాదికల్లా ఎవరివి వారు తీసుకుపోయారు. 1731లో ఫ్రాంక్లిన్ చందాదారుల గ్రంథాలయానికి రూపకల్పన చేశాడు. యాభైమంది, ప్రవేశ రుసుము 40 షిల్లింగులు, ఏటా 10 షిల్లింగులు. అలా పుట్టిన లైబ్రరీ కంపెనీ ఆఫ్ ఫిలడెల్ఫియా నేటికీ ఉంది. గ్రంథాలయం ఉంది కనుక గోష్ఠి పుట్టిందని అనుకుంటాం. ఇక్కడ జరిగింది తలకిందులు. గోష్ఠి ఉంది కనుక గ్రంథాలయం పుట్టింది.

తలుపు బయట ఉన్నవారు

జుంటోలో స్త్రీలు లేరు, నల్లజాతివారు లేరు. వారు తమ గోష్ఠులను తామే ఏర్పరచుకున్నారు. 1828లో అదే ఫిలడెల్ఫియాలో స్వతంత్రులైన నల్లజాతి పురుషులు రీడింగ్ రూమ్ సొసైటీని, 1831లో స్త్రీలు ఫిమేల్ లిటరరీ అసోసియేషన్‌నూ స్థాపించారు. అదే 1831లో వర్జీనియా రాష్ట్రం, స్వతంత్రులైన నల్లజాతివారు చదువు నేర్చుకోవడం కోసం గుమిగూడడాన్ని చట్టవిరుద్ధం చేసింది. ఒక రాష్ట్రంలో నేరమైన పని మరొక రాష్ట్రంలో వారం వారం జరిగే కార్యక్రమమన్నమాట. ఆ స్త్రీల సంఘంలో ఒక పద్ధతి ఉండేది. సభ్యులు తమ రచనలను పేరు రాయకుండా ఒక పెట్టెలో వేసేవారు. వాటిని ఒక్కొక్కటిగా తీసి, చదివి, విమర్శించుకునేవారు. రాసింది ఎవరో తెలియదు కనుక మొగమాటం లేదు, పగ లేదు. ఈ చరిత్రను ఎలిజబెత్ మెక్‌హెన్రీ 2002లో వెలువడిన తన పుస్తకంలో విస్తారంగా వెలికితీసేదాకా, అమెరికా పఠన చరిత్రలో నల్లజాతి పాఠకులకు దక్కిన చోటు చాలా తక్కువ.

1839లో బోస్టన్‌లో మార్గరెట్ ఫుల్లర్ స్త్రీల కోసం సంభాషణలు అనే కార్యక్రమాన్ని ఆరంభించి 1844 దాకా నడిపింది. మొదటి విడత విషయం గ్రీకు పురాణాలు. ఆమె గుర్తించిన లోపం సూటిగా ఉంటుంది: స్త్రీలకు చదువు చెబుతున్నారు గానీ, చదివినదాన్ని వాడమని ఎవరూ అడగడం లేదు. పురుషులకు న్యాయస్థానం, చర్చి, సభ ఉన్నాయి. తాము నేర్చినదాన్ని నలుగురి ముందు పెట్టవలసిన అవసరం వారికి కలుగుతుంది. స్త్రీకి ఆ అవసరం రానివ్వలేదు కనుక ఆమె చదువు ఆమెకే మసకగా మిగిలిపోతుంది. నోటితో చెప్పేదాకా మన అభిప్రాయం ఏమిటో మనకే పూర్తిగా తెలియదన్న ఈ ఆలోచన మీదనే ఆ సంభాషణలు నడిచాయి.

ఊరూరా విస్తరణ

అంతర్యుద్ధం తర్వాత ఈ అలవాటు చిన్న ఊళ్ళకు పాకింది. 1878లో జాన్ విన్సెంట్ న్యూయార్క్ రాష్ట్రంలోని షటాక్వాలో ఒక పఠన వలయాన్ని ప్రారంభించాడు. నాలుగేళ్ళ పాఠ్యప్రణాళిక, ముందే నిర్ణయించిన పుస్తకాలు, చివర ఒక పట్టా. మొదటి సంవత్సరమే 8,000 మందికి పైగా చేరారు. కాలేజీ ముఖం చూడని గృహిణులు, రైతులు, ఉపాధ్యాయులు తమ ఊళ్ళలోనే వలయాలుగా ఏర్పడి, ఒకే పుస్తకాన్ని ఒకే కాలంలో చదివారు. ఇందులో ఒక ఇబ్బంది కూడా ఉంది. పుస్తకాలు పైనుంచి వచ్చేవి. వాటి మీద ప్రశ్నలూ జవాబులూ కూడా ఆ సంస్థ పత్రికలోనే అచ్చయ్యేవి. జవాబు ముందే ఉన్నచోట అభిప్రాయానికి పని తక్కువ.

ఇందుకు భిన్నమైన మార్గం 1947లో షికాగోలో హచిన్స్, ఆడ్లర్‌లు స్థాపించిన గ్రేట్ బుక్స్ ఫౌండేషన్‌ది. పుస్తకాల జాబితా అక్కడా పైనుంచి వచ్చిందే. కానీ చర్చకు రూపుదిద్దుకున్న నియమాలు వేరు. పుస్తకం చదివినవారే మాట్లాడాలి. బయటి విమర్శకుల మాటలను తెచ్చి సాక్ష్యంగా పెట్టకూడదు. చర్చ నడిపేవారు ప్రశ్నలే వేయాలి, అదీ తమకే తేలని ప్రశ్నలు. 1996లో ఓప్రా విన్‌ఫ్రీ టెలివిజన్‌లో పుస్తకాల కార్యక్రమం ప్రారంభించే నాటికి, 1998లో గ్రంథపాలకురాలు నాన్సీ పర్ల్ సియాటిల్ నగరమంతా ఒకే నవల చదవాలని ప్రతిపాదించే నాటికి, ఈ అలవాటు వెనుక రెండున్నర శతాబ్దాలకు పైబడిన చరిత్ర ఉంది.

పుస్తకాలు ముందు, పాఠకులు తర్వాత

తెలుగు పుస్తకం అమెరికాకు పాఠకుడి పెట్టెలో మాత్రమే రాలేదు. కొంతవరకు గోధుమల ఖాతాలో వచ్చింది. 1954 నాటి పి.ఎల్. 480 చట్టం కింద భారతదేశం కొన్న ధాన్యానికి రూపాయల్లో చెల్లించిన సొమ్ములో కొంత భాగంతో, 1962 నుంచి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ ఢిల్లీ కార్యాలయం భారతీయ భాషల పుస్తకాలను కొని అమెరికన్ విశ్వవిద్యాలయాలకు పంపింది. షికాగో, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా, బర్క్లీ వంటిచోట్ల తెలుగు నవలలూ కవితా సంపుటాలూ అలా అరలకెక్కాయి. తెలుగువారు చెప్పుకోదగ్గ సంఖ్యలో రావడం 1965 వలస చట్టం తర్వాతి మాట. జుంటోలో గోష్ఠి గ్రంథాలయాన్ని పుట్టించింది. మన విషయంలో పుస్తకాలు ముందొచ్చి, మాట్లాడుకునే మనుషుల కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూశాయి.

ఆ మనుషులు వచ్చినప్పుడు తమతో తెచ్చుకున్న సంప్రదాయం మాటేమిటి? మనకు పురాణ కాలక్షేపం ఉంది, అవధానం ఉంది, సాహిత్య సభ ఉంది. మూడింటిలోనూ మాట వేదిక మీదనుంచి కిందికి దిగుతుంది. అవధానంలో పృచ్ఛకుడికి ప్రశ్నించే హక్కుంది, కానీ అతనూ వేదిక మీదివాడే. కిందనున్నవారి పని ఊ కొట్టడం, చప్పట్లు కొట్టడం. ఇరవయ్యో శతాబ్దపు గ్రంథాలయోద్యమం ఈ దూరాన్ని కొంత తగ్గించింది. 1914లో బెజవాడలో అయ్యంకి వెంకటరమణయ్య చొరవతో జరిగిన గ్రంథాలయ ప్రతినిధుల మహాసభ తర్వాత, 1918లో పుట్టిన వేటపాలెం సారస్వత నికేతనం వంటి సంస్థల నీడలో, చదువు రానివారికి చదువొచ్చినవారు చదివి వినిపించడం, విన్నదాన్ని గురించి మాట్లాడుకోవడం పల్లెల్లో అలవాటయింది. అయినా మన సభల్లో వక్త వక్తే, శ్రోత శ్రోతే.

అమెరికాలోని తెలుగు సంస్థలు మొదట ఈ సభా సంప్రదాయాన్నే కొనసాగించాయి. 1977లో న్యూయార్క్‌లో జరిగిన మొదటి తానా మహాసభ నుంచి సాహిత్యానికి వేదిక దొరుకుతూనే ఉంది. 1998లో వంగూరి ఫౌండేషన్ పూనికతో అట్లాంటాలో మొదటి అమెరికా తెలుగు సాహితీ సదస్సు జరిగింది. అదే సంవత్సరం డిట్రాయిట్ తెలుగు లిటరరీ క్లబ్ ఏర్పడింది. ఈ క్లబ్ ఎంచుకున్న దారి సభది కాదు, గోష్ఠిది. ముందుగా ఒక పుస్తకాన్ని ఎన్నుకుంటారు. అందరూ చదువుతారు. నెలకొకసారి కలిసి దాని గురించి మాట్లాడుకుంటారు. చర్చల సారాంశాన్ని రాసి ప్రచురించే అలవాటు కూడా వారు చేసుకున్నారు. వేదిక లేదు, దండలు లేవు. పుస్తకం చదివి రావడమే ప్రవేశ రుసుము. చూడడానికి చిన్న మార్పే. కానీ తెలుగు సాహిత్య జీవితంలో పాఠకుడిని శ్రోత స్థానం నుంచి లేపి మాట్లాడే స్థానంలో కూర్చోబెట్టిన మార్పు ఇది.

మనకు మిగిలిన పరీక్ష

అభిప్రాయం చెప్పే అర్హత ఎవరికన్న మొదటి ప్రశ్న మన ఇళ్ళలో వేరే రూపంలో కనబడుతుంది. గోష్ఠి ఎవరింట్లో జరిగితే ఆ ఇంటి ఇల్లాలు చర్చలో ఉందా, వంటింట్లో టీ కాస్తోందా? మార్గరెట్ ఫుల్లర్ అడిగింది కూడా ఇంచుమించు ఇదే. డాక్టర్లూ ఇంజినీర్లూ కాని తెలుగువారు, తెలుగు లిపి రాని పిల్లలు ఆ గదిలోకి రాగలుగుతున్నారా? లిపి రానివారికి చదివి వినిపించిన చరిత్ర మనకే ఉంది. నూరేళ్ళ కిందటి పల్లె గ్రంథాలయం చేసిన పని న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో చేయడానికి అడ్డేమీ లేదు.

ఎలా విభేదించాలన్న రెండో ప్రశ్న ఇంకా కష్టమైనది. ప్రవాస తెలుగు సమాజం చిన్నది. రచయిత, పాఠకుడు, ప్రచురణకర్త తరచు ఒకే విందులో కలిసే మనుషులు. పుస్తకం బాగాలేదని చెప్పడానికి స్నేహం అడ్డొస్తుంది. బాగుందని చెప్పడానికి కులమో, ప్రాంతమో, సిద్ధాంతమో అడ్డొస్తుంది. ఈ మొగమాటానికి మనం కనిపెట్టిన రూపం ఆవిష్కరణ సభ. అక్కడ పుస్తకం ఇంకా ఎవరూ చదవకముందే దాని గొప్పతనం తేలిపోతుంది. అందుకు విరుగుడు పరుషమైన విమర్శ కాదు. ఫిలడెల్ఫియా స్త్రీల పేరులేని పెట్టె, జుంటో జరిమానా, గ్రేట్ బుక్స్ వారి ప్రశ్నలు, ఇవన్నీ స్నేహితులు స్నేహం చెడకుండా నిజం చెప్పుకోవడానికి వేరువేరు కాలాల్లో మనుషులు చేసుకున్న ఏర్పాట్లు. వాటిని అరువు తెచ్చుకోవడంలో చిన్నతనమేమీ లేదు.

ఆంధ్ర, తెలంగాణల్లో తెలుగు పుస్తకానికి పాఠశాల ఉంది, పత్రిక ఉంది, పుస్తకాల దుకాణం ఉంది. ఇక్కడ ఆ మూడూ దాదాపు లేవు. పుస్తకం అరలో ఉందా, చదువరి మాటలో ఉందా అన్న తేడా అందుకే ఇక్కడ ఎక్కువ. పి.ఎల్. 480 పుస్తకాలు నేర్పిన పాఠం అదే: అరకెక్కినంత మాత్రాన పుస్తకం చేరినట్టు కాదు. దాన్ని చేర్చే పని పెద్ద సంస్థలకే వదిలిపెట్టనక్కరలేదు. నలుగురు కూర్చున్నచోట ఈమధ్య ఏం చదివారు అని అడిగి, వచ్చిన జవాబును ఓపికగా వినగలిగితే చాలు. చదవడం పూర్తికాని పుస్తకమైనా ఫరవాలేదు. అభిప్రాయం మారడానికి ఇంకా వ్యవధి ఉన్న సమయం అదే కదా.