ఆకురాయి చెప్పిన నిజం

జపాన్ నవలాకారుడు షిబా ర్యోతారో 1996 ఫిబ్రవరి 12న కన్నుమూశారు. అక్కడి జనం చరిత్రను చాలావరకు ఆయన నవలల్లోనే చదువుకున్నారు. నాకు మాత్రం ఆయన మొదట ట్యాంకు దళపు కుర్ర అధికారిగా పరిచయమయ్యారు. అందుకు మావాడు రాత్రిపూట ఆడే ‘వార్ థండర్’ అనే గేమ్ కారణం. అందులో వాడికి ఇష్టమైనది చి-ను అనే జపాన్ ట్యాంకు. ‘‘నాన్నా, ఇది నిజం యుద్ధంలో ఎవరితో పోట్లాడింది?’’ అని ఒకరోజు అడిగాడు. జవాబు వెతుక్కుంటూ వెళ్లి షిబా దగ్గర ఆగాను.

జపాన్‌లో ఉక్కు కథ పాతది. ఇనుప ఇసుకను బొగ్గుతో కలిపి మట్టి కొలిమిలో రోజుల తరబడి కాల్చి కత్తులకు ఉక్కు తీసిన దేశమది. 1543లో పోర్చుగీసుల తుపాకి తనెగషిమా దీవిలో దిగింది. కొన్నేళ్లకే అక్కడి కమ్మరులు తుపాకులను తామే చేయసాగారు. 1603లో మొదలైన తోకుగావా వంశం ఏలుబడిలో రెండు శతాబ్దాలకు పైగా దేశం పెద్ద యుద్ధాల ఊసెత్తలేదు. 1853లో అమెరికా నౌకలు గుమ్మంలోకి వచ్చాయి. 1868లో మెయిజీ పాలన మొదలైంది. 1905కల్లా రష్యాను ఓడించిన దేశంగా జపాన్ పేరు మోగింది. 1918లో బ్రిటన్ నుంచి ఒక ట్యాంకును కొని తెచ్చుకుంది. 1927లో ఒసాకా ఆయుధ కర్మాగారం తొలి సొంత ట్యాంకును తయారుచేసింది.

తర్వాత వచ్చినవి ఎక్కువగా తేలికపాటి బళ్లు. ఓడల్లో ఎక్కించాలి, రేవుల్లో దించాలి, బలహీనమైన వంతెనలు దాటించాలి. చైనాలో ఎదుటివాడికి ట్యాంకులు అంతంతమాత్రం. 1935 నాటి హా-గో బరువు ఏడున్నర టన్నుల లోపు. దాని కవచం ఎంత మందంగా ఉన్నచోటైనా 12 మిల్లీమీటర్లే. టరెట్‌లో ఒక్కడే మనిషి. చుట్టూ చూడాలి, ఆజ్ఞలివ్వాలి, గుండు నింపాలి, గురిపెట్టాలి, పేల్చాలి. ఆ తర్వాతది చి-హా. ‘చి’ అంటే మధ్యతరహా ట్యాంకు, ‘హా’ అంటే మూడోది. మనం అ, ఆ, ఇ, ఈ అని వరస పెట్టినట్టు వాళ్లు ఇ, రో, హా అని పెడతారు. ఆ లెక్కన చి-ను పదోది.

ఈ చిన్న బళ్లు మనవాళ్ల మీదికీ వచ్చాయి. 1942 జనవరి 7న మలయాలోని స్లిమ్ నది దగ్గర, రబ్బరు తోటల నడుమ సాగే రోడ్డు వెంట, తెల్లవారకముందే జపాన్ ట్యాంకులు 11వ భారత డివిజన్‌ను చీల్చుకుంటూ పోయాయి. మొదట దెబ్బతిన్న పటాలాల్లో 19వ హైదరాబాద్ రెజిమెంట్ నాలుగో బెటాలియన్ ఉంది. పేరు మన హైదరాబాద్‌దే అయినా జవాన్లు ఎక్కువగా ఉత్తరాదివాళ్లు. 1945లో అది కుమావూన్ రెజిమెంట్ అయింది. మలయాలో మన పక్షాన ఒక్క ట్యాంకూ లేదు. ఎదురు లేనిచోట చి-హా 25 మిల్లీమీటర్ల కవచం కూడా కొండలా కనిపిస్తుంది. అక్కడ దొరికిన ధీమాకు జపాన్ మిగతా యుద్ధమంతా మూల్యం చెల్లించింది.

నిజానికి హెచ్చరిక అంతకుముందే అందింది. 1939 వేసవిలో మంగోలియా సరిహద్దులోని నోమొన్‌హాన్ దగ్గర జపాన్ ట్యాంకులు సోవియట్ సేనతో తలపడ్డాయి. ఒక రాత్రి ఉరుముల వానలో, మెరుపుల వెలుగులో ఒక రెజిమెంట్ దాడి చేసింది. మరో రెజిమెంట్ ట్యాంకుల చక్రపు పట్టాలు సోవియట్లు గడ్డిలో పరిచిన సన్నటి ఉక్కు తీగల్లో చిక్కుకున్నాయి. వాటిని ఒక్కొక్కటిగా కొట్టారు. రెజిమెంట్ అధిపతీ చనిపోయాడు. పై అధికారులు మిగిలిన ట్యాంకులను వెనక్కి పిలిచారు కానీ పాఠం నేర్చుకోలేదు. ఉక్కు యుద్ధనౌకలకూ విమానాలకూ పోగా మిగిలిందే ట్యాంకులకు దక్కింది.

షిబా ఈ దళంలోకి వచ్చింది ఆ తర్వాతే. అసలు పేరు ఫుకుదా తెయిచి. ఒసాకాలో మంగోల్ భాష చదువుతుండగా 1943లో విద్యార్థులను సైన్యంలోకి లాగారు. మంచూరియాలోని ట్యాంకు పాఠశాలలో శిక్షణ ఇచ్చి చి-హా ఎక్కించారు. ఆయనకు ఆ బండి మీద ప్రేమ ఉంది, నమ్మకం లేదు. ఆకారం అందంగా ఉంటుంది, డీజిల్ ఇంజిన్ మంచిది, కానీ ఎదుటివాడి ట్యాంకును కొట్టగల ఫిరంగి కాదు దానిది. లోపల కూర్చున్న మనిషికి ఈ సంగతి తెలుసు. తెలిసీ కూర్చోవాలి.

1945లో ఆయన రెజిమెంట్‌ను స్వదేశ రక్షణ కోసం తోక్యోకు ఉత్తరాన ఉన్న సానో ఊరికి తెచ్చారు. అక్కడికి కొత్త ట్యాంకు చి-ను వచ్చింది. 75 మిల్లీమీటర్ల ఫిరంగి, ముందువైపు 50 మిల్లీమీటర్ల కవచం. కాగితం మీద చి-హాకు రెట్టింపు. షిబా ఆకురాయి పట్టుకుని వెళ్లారు. పాత చి-హా ఉక్కు మీద రాస్తే ఆకురాయి జారిపోయేది, గీతైనా పడేది కాదు. కొత్తదాని మీద రాస్తే ఉక్కు తెల్లగా అరిగి రజను రాలింది. మందం పెరిగింది, ఉక్కులో సత్తువ పోయింది. ఏ అధికారీ ఆయనకు చెప్పని దేశం పరిస్థితి ఆ రజనులో కనబడింది.

సానోలోనే మరో సంగతి జరిగిందని ఆయన రాశారు. అమెరికన్లు దిగితే ట్యాంకులు దక్షిణానికి పరుగెత్తాలి. అదే దారిన తోక్యో జనం బళ్లతో, పిల్లలతో ఉత్తరానికి పారిపోయి వస్తారు. మరి దారెలా అని అడిగితే, పైనుంచి వచ్చిన అధికారి తొక్కించుకుంటూ వెళ్లమన్నాడట. 22 ఏళ్ల షిబా ఆ మాట మరిచిపోలేదు. జపాన్ ఎప్పుడు ఇంత మతిచెడింది, దానికి ముందు ఎలా ఉండేది? ఆనాటి తనకే ఉత్తరాలు రాసుకుంటున్నట్టు నవలలు రాశానని చెప్పేవారు. చైనా మహా చరిత్రకారుడు సిమా చియాన్‌కు తాను ఎంతో దూరమన్న వినయంతో షిబా ర్యోతారో అని పేరు పెట్టుకున్నారు. మెయిజీ పాలనకు దారి వేసిన సమురాయ్ సకమోతో ర్యోమా గురించి రాశారు, రష్యా యుద్ధం గురించి రాశారు. నోమొన్‌హాన్ మీద ఏళ్ల తరబడి కాగితాలు పోగేశారు, బతికున్న అధికారులను కలిశారు. ఆ నవల మాత్రం రాయలేకపోయారు. ఆయన రాసిన వాటన్నిటికన్నా ఆ రాయని నవలే నన్ను ఎక్కువగా కదిలిస్తుంది.

యుద్ధం తర్వాతి కథను ఒక్క దారిన నడిపించడం కష్టం. లొంగుబాటు ప్రకటన వెలువడిన మూడు రోజులకు కురిల్ దీవుల్లోని షుమ్షులో సోవియట్లు దిగితే, కర్నల్ ఇకెదా 11వ ట్యాంకు రెజిమెంట్‌తో ఎదురెళ్లి ప్రాణాలొదిలాడు. 1961 నుంచి మళ్లీ జపాన్ సొంత ట్యాంకులు వచ్చాయి. అవి ఇంతవరకూ యుద్ధం చూడలేదు. ఇక యుద్ధకాలపు ట్యాంకులు 2017లో ‘వార్ థండర్’లోకి వచ్చాయి. ఒక్కో బండికీ బలాన్ని బట్టి అంకె ఇచ్చి, సాటివాళ్లతోనే జత కడతారు. చరిత్రలో అమెరికా షెర్మన్ ట్యాంకుల ముందు నలిగిన హా-గోకు ఇక్కడ ఈడూజోడూ దొరుకుతుంది. 1943లో జర్మనీ నుంచి కొని, చివరిదాకా చేతికి అందని టైగర్ ట్యాంకు కూడా జపాన్ వరుసలో నిలబడి ఉంటుంది.

ఆ గేమ్ పనితనం అంటే నాకు గౌరవమే. ట్యాంకు లోపలికి తొంగిచూస్తే ప్రతి పలక మందమూ, గుండ్లు పేర్చిన చోటూ, మనుషులు కూర్చున్న చోటూ కనిపిస్తాయి. గుండు తగిలితే ఆ బొమ్మ మనుషులు రంగు మారి నల్లబడతారు. మావాడు మౌస్ ఒక్కటి తిప్పుతూ అందరి పనీ చేస్తాడు. చి-ను ఫిరంగి అంటే ఎదుటివాళ్లకు భయం. ముందు కవచం 50 మిల్లీమీటర్లని వాడికి కంఠతా వచ్చు. అందుకే ఆకురాయి సంగతి వాడికి చెప్పాలనుకున్నాను.

చెప్పాను. మొదట వాడడిగిన ప్రశ్నకూ అప్పుడే జవాబిచ్చాను. చి-ను ఎవరితోనూ పోట్లాడలేదు. ఎదురుచూసిన అమెరికన్ల దిగుబాటు జరగలేదు, ఆ తోక్యో రోడ్డు మీద ఏ బండీ ఎవరినీ తొక్కలేదు. వందకు పైగా తయారైన వాటిలో ఇప్పుడు మిగిలింది ఒక్కటే, త్సుచియురా సైనిక పాఠశాలలో ఉంది. వాడు కాస్త నిరాశపడ్డాడు. ‘‘అది యుద్ధానికి వెళ్లలేదు కాబట్టే ఆకురాయి పట్టుకున్న కుర్రాడు ఇంటికొచ్చి పుస్తకాలు రాశాడురా’’ అన్నాను. వాడు స్క్రీన్ మీద ట్యాంకును మెల్లగా తిప్పి, ముందువైపు పలక దగ్గర ఆపి, చాలాసేపు చూశాడు.