ముల్లు ఎక్కడ లేస్తోంది?

ఖమ్మంలో వైరా రోడ్డు పక్కన ఓ షెడ్డు. పొద్దున తొమ్మిదింటికే పైన రేకు కాలుతోంది. మీ 1972 నాటి అంబాసిడర్ బానెట్ ఎత్తుకుని నిలబడి ఉంది. ఇంజిన్ స్లోలో ఆడుతోంది, నాలుగు రెక్కల ఇనుప ఫ్యాను బద్ధకంగా తిరుగుతోంది. మేస్త్రీ తలుపులోంచి లోపలికి వంగి టెంపరేచర్ ముల్లునే చూస్తున్నాడు.

“ఎక్కడ వేడెక్కుతోంది సార్?”

మీరు రేడియేటర్ వైపు వేలు చూపిస్తారు.

“బండిలో కాదు, దారిలో ఎక్కడ?”

గుర్తు చేసుకుంటారు. ఏన్కూరు, జూలూరుపాడు దాకా యాభై అరవై మీద పోతున్నంతసేపూ ముల్లు మధ్యలోనే ఉంటుంది. కొత్తగూడెంలో బొగ్గు లారీల మధ్య ఇరుక్కుంటే లేస్తుంది. పాల్వంచ దాటాక అడవిలో దుంగల లారీ వెనక సెకండ్ గేరులో పాకుతుంటే ఇంకా లేస్తుంది. భద్రాచలం వంతెన దగ్గర ఆగారా, ఎర్ర గీతను తాకుతుంది.

“ఉరికేటప్పుడు లేస్తే రేడియేటర్ పూడిందనుకోవాలి. నిలబడ్డప్పుడు లేస్తే గాలి చాలట్లేదన్నట్టు” అంటాడు మేస్త్రీ. అంటాడే గాని వెంటనే ఫ్యాను జోలికి పోడు. ఇంజిన్ ఆపించి, బెల్టును బొటనవేలితో నొక్కుతాడు. అరంగుళం దిగితే సరి, ఇది అంగుళం దిగింది. ఈ బండిలో ఒకే బెల్టు నీళ్ల పంపునూ, దాని ముక్కుకు బిగించిన ఫ్యానునూ, డైనమోనూ తిప్పుతుంది. అది జారితే మూడూ నీరసిస్తాయి. బిగిస్తాడు. బండి చల్లారాక రేడియేటర్ మూత తిప్పి చూస్తే లోపలి రబ్బరు పగిలి ఉంది. మూత ఒత్తిడి పట్టి ఉంచితేనే నీళ్లు వంద డిగ్రీల దగ్గర మరగకుండా ఆగుతాయి. 7 పీఎస్ఐ మూతతో అదే నీరు 111, 112 డిగ్రీల దాకా ఓర్చుకుంటుంది. కొత్త మూత పడుతుంది. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన రేడియేటర్ కోరులో సున్నం కట్టి ఉంటే ఎంత పెద్ద ఫ్యాను పెట్టినా వృథా. పై ట్యాంకు టంకం విప్పి, గొట్టాల్లో సన్నని కమ్మీలు తోసి కడిగించాల్సిందే. మీది కిందటేడే కడిగించారు గనక ఆ ఖర్చు తప్పింది.

ఇక ఫ్యాను. ఈ కారు తాత ఇంగ్లండులో పుట్టిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్. అంబాసిడర్‌ను 1958 నుంచి 2014 దాకా హిందుస్తాన్ మోటార్స్ ఉత్తరపారాలో తయారుచేసింది. చల్లటి దేశపు నమూనాకు ఖమ్మం ఏప్రిల్ ఎదురైతే ఏమవుతుందో లెక్క వేసుకోండి. నీళ్లు 90 డిగ్రీల మీద, బయటి గాలి 25 మీద ఉంటే తేడా 65. గాలి 43కి చేరితే తేడా 47. రేడియేటర్ వేడిని వదిలించుకునేది ఆ తేడాను బట్టే. అంటే అదే గాలి అదే వేగంతో వీచినా చల్లదనం నాలుగో వంతుకు పైగా పడిపోతుంది. ఆ లోటును ఎక్కువ గాలితో పూడ్చాలి.

బల్ల మీద మూడు పెట్టాడు మేస్త్రీ. మొదటిది ఆరు రెక్కల ప్లాస్టిక్ ఫ్యాను, పాతదాని స్థానంలోనే కూర్చుంటుంది. కరెంటు అక్కర్లేదు, వైరు లేదు, చెడిపోయేదేమీ లేదు. కానీ ఇంజిన్ ఎంత తిరిగితే అదీ అంతే తిరుగుతుంది. స్లోలో నీరసంగా, అక్కర్లేని వేగంలో హోరుగా. వేగం రెట్టింపైతే ఫ్యాను లాగే శక్తి ఎనిమిది రెట్లవుతుంది. ఆ భారమంతా మీ 1489 సీసీ ఇంజినే మోయాలి.

రెండోది కరెంటు ఫ్యాను, గ్రిల్లు వెనక, రేడియేటర్ ముందు బిగించి గాలిని లోపలికి నెట్టే రకం. పాతదాన్ని కదపనక్కర్లేదు. అయితే రోడ్డు మీద పోయేటప్పుడు దాని మోటారూ రెక్కలే ఎదురుగాలికి అడ్డం.

మూడోది మారుతి 800 ఫ్యాను. ఇంజిన్ వైపు నుంచి గాలిని లాగే రకం, పాతదాన్ని విప్పేస్తేనే పడుతుంది. మేస్త్రీ దాన్ని బ్యాటరీకి తగిలించి తిప్పుతాడు. మీరు బిల్లు కాగితం ముందు పెడితే ఎగిరిపోతుంది. “రివర్సు” అని వైర్లు తారుమారు చేస్తాడు. ఈసారి కాగితం వచ్చి జాలీకి అతుక్కుంటుంది. చుట్టూ రేకు కవరు లేకపోతే రెక్కలు ఎదురుగా ఉన్న గుండ్రటి మేరలోనే గాలిని లాగుతాయనీ, కవరుంటే కోరు నాలుగు మూలల నుంచీ లాగుతాయనీ కొలత తీస్తూ చెబుతాడు. కోరు రెక్కల్లోంచి ప్లాస్టిక్ తాళ్లు దూర్చి ఫ్యాను వేలాడదీయడానికి మాత్రం ఒప్పుకోడు. కుదుపులకు గొట్టాలు కోసుకుపోతాయట. ఇనుప పట్టీలు కోసి నట్లతో బిగించమని, వెల్డింగు వద్దని కుర్రాడికి పురమాయిస్తాడు.

మీ చెయ్యి మూడోదాని మీద పడింది. అప్పుడు మేస్త్రీ డైనమో మీద తడతాడు. “దీనికి తిండి ఎవరు పెడతారు?”

అసలు మెలిక ఇక్కడుంది. పాత డైనమో బాగా తిరిగినప్పుడు ఇచ్చేదే ఇరవై ఆంపియర్లకు అటూ ఇటూ. స్లోలో దాదాపు ఏమీ ఇవ్వదు. ఫ్యాను తాగేది ఎనిమిది, పది. రాత్రి హెడ్‌లైట్లు ఇంకో ఏడెనిమిది. బండి నిలబడ్డప్పుడే ఫ్యాను కావాలి, సరిగ్గా అప్పుడే డైనమో చేతులెత్తేస్తుంది. గంటసేపు జామ్‌లో ఉంటే ముల్లు దిగుతుంది గానీ, ఇంజిన్ ఆగితే మళ్లీ స్టార్టు కాకపోవచ్చు. అందుకే ఫ్యానుతో పాటు ఆల్టర్నేటర్ కూడా పడుతుంది. బడ్జెట్ రెట్టింపు. తల ఊపుతారు.

రిలే, ఫ్యూజు, మందపాటి వైరు. పై హోసు పైపు దగ్గర 92 డిగ్రీలకు కలిసి 87కి విడిపోయే స్విచ్. డ్యాష్‌బోర్డు కింద ఆ ఫ్యానును చేత్తో ఆపే ఇంకో స్విచ్. ఇదెందుకంటే వానాకాలంలో చప్టాల మీద వాగు పారుతుంటే తిరుగుతున్న రెక్కలు నీళ్లు ఎత్తి డిస్ట్రిబ్యూటర్ మీద కొడతాయి, ఒక్కోసారి వంగి కోరునే గీరేస్తాయి.

మధ్యాహ్నం బయల్దేరతారు. భద్రాచలానికి సుమారు 120 కిలోమీటర్లు. ఏన్కూరు, జూలూరుపాడు మీదుగా గాలే పని చేస్తోంది, ఫ్యాను కదలదు. పాత ఇనుప రెక్కల హోరు లేక బండి కొత్తగా వినిపిస్తోంది. కొత్తగూడెం మధ్యలో ఒకసారి కిర్రుమని తిరిగి ఆగుతుంది.

పాల్వంచ దగ్గర థర్మల్ స్టేషన్ కనిపిస్తుంది. పాత ప్లాంటు ఎనిమిది కూలింగ్ టవర్లనూ 2024లో కూల్చేశారు. నడుము సన్నగా ఉండే ఆ ఎత్తైన టవర్లు చేసినదీ మీ రేడియేటర్ పనే. అంత ఎత్తు గొట్టంలో వేడి గాలి తనంతట తానే పైకి లేచి, కింది నుంచి చల్లగాలిని లాక్కుంటుంది. వాటికి ఫ్యాను అవసరం లేకపోయింది. బానెట్ కింద ఆ ఎత్తు లేదు గనక మీకు మోటారు కావాల్సి వచ్చింది.

ఊరు దాటగానే అడవి. టేకు చెట్లు ఆకు రాల్చి నిలబడ్డాయి, ఇప్పపూల మత్తువాసన కిటికీలోంచి వస్తోంది. ముందు జామాయిల్ దుంగల లారీ, సారపాక పేపరు మిల్లుకు. ఓవర్‌టేకుకు దారి లేదు. సెకండ్ గేరు. ముల్లు సగం దాటింది. ముప్పావు దగ్గరికొచ్చింది. చేతివేళ్లు స్టీరింగ్‌ను గట్టిగా పట్టుకున్నాయి. టిక్కుమని రిలే, వెంటనే ముందు నుంచి గాలి హోరు. ఆమ్మీటర్ ముల్లు కొద్దిగా వణికి ప్లస్ వైపే నిలబడింది. టెంపరేచర్ ముల్లు ఆగింది. తర్వాత నిదానంగా దిగడం మొదలుపెట్టింది.

సారపాక దాటాక వంతెన. శ్రీరామనవమికి ఇంకా రెండు రోజులే. 1965 నాటి పాత వంతెన, పక్కన కొత్తది. బస్సులు, ఆటోలు, కల్యాణం చూడ్డానికి నడిచిపోతున్న జనం. కింద గోదావరిలో ఇసుకే ఎక్కువ. బండి పూర్తిగా ఆగిపోయింది. పక్క జీపు బానెట్ ఎత్తి నీళ్లు పోసుకుంటున్నారు. మీ ఫ్యాను తిరుగుతుంది, ఆగుతుంది, మళ్లీ తిరుగుతుంది.

లాడ్జి ముందు ఆపగానే తాళం తిప్పేయబోతారు. మేస్త్రీ మాట గుర్తొస్తుంది. ఇంజిన్ ఆపితే పంపు ఆగి, లోపలి వేడి నీళ్లలోకి దిగి ముల్లు ఇంకా పైకి పోతుంది. రెండు నిమిషాలు స్లోలో ఆడనిచ్చి, ఫ్యాను తనంతట తాను ఆగాక అప్పుడు తాళం తీస్తారు.

రేపటి దారి చింతూరు మీదుగా మారేడుమిల్లి ఘాటు. డిక్కీ తెరిచి చూసుకుంటారు. పాత నాలుగు రెక్కల ఫ్యాను, దాని పొడవు బోల్టులు, పానా, నీళ్ల క్యాను ఉన్నాయి. ఘాటు మధ్యలో కరెంటు మోటారు కాలిపోతే మారుతి ఫ్యాను దొరుకుతుందని నమ్ముకోలేరు. పట్టీల నట్లు విప్పి దాన్ని తీసేసి, పాతదాన్ని పంపు ముక్కుకు బిగించుకుంటే ఫస్టు గేరులోనైనా ఊరు చేరతారు. పట్టీలను నట్లతో బిగించమని, వెల్డింగు వద్దని షెడ్డులో మేస్త్రీ కుర్రాడికి చెప్పింది ఇందుకే.