కళావరు, కితాబు

పేకాటలో కళావరు అనని తెలుగువాడు అరుదు. ఆ మాట మనది కాదు, ఇంగ్లీషుదీ కాదు. డచ్చి భాషలో ఆ గుర్తును ‘క్లావర్’ అంటారు. మూడాకుల మొక్క అని అర్థం. ఆటీను కూడా అక్కడిదే. వాళ్ల ‘హార్టెన్’, అంటే హృదయాలు, మన నోట పడి అలా మారింది. 1605లో డచ్చి వర్తకులు బందరులో దిగారు. హాలండువాళ్లు గనుక మనవాళ్లకు వలందావాళ్లయ్యారు. ఊళ్లో వలందపాలెం వాళ్ల పేరే మోస్తోంది. పాలకొల్లు, భీమిలి దాకా అద్దకం బట్టలు, నూలు బట్టలు కొని ఓడల కెత్తారు. రెండు వందల ఏళ్లకు పైగా ఈ తీరాన ఉండి, భీమిలిలో సమాధులు, పేకలో రెండు గుర్తుల పేర్లు వదిలి వెళ్లారు.

అంత పెద్ద వ్యాపారం చేసిన జాతి భాష ఇంత తక్కువ మిగలడం నన్ను చాలాకాలంగా ఆలోచింపజేస్తున్న విషయం. మన దగ్గరే కాదు, ఇండోనేషియాలోనూ ఇదే కథ. డచ్చి ఈస్టిండియా కంపెనీ 1602లో పుట్టింది. 1619లో జావాలో బటావియా కట్టింది, అదే నేటి జకార్తా. డచ్చివాళ్లు మూడు శతాబ్దాలు అక్కడ పాతుకుపోయినా బేరసారాలు మలయ్ భాషలోనే సాగాయి. కంపెనీ తరవాత వచ్చిన డచ్చి ప్రభుత్వం కూడా డచ్చి చదువును కొద్దిమందికే అందనిచ్చింది. ఏలేవాడి భాష ఏలుబడిలోనివాడికి రాకపోవడమే మేలని తలచింది. ఆ దేశంలో ఆఫీసుకు ‘కంతోర్’, తువ్వాలుకు ‘హందుక్’ అన్న డచ్చి మాటలు నిలిచాయి, భాష నిలవలేదు.

ఈనాడు డచ్చి తల్లిభాషగా ఉన్నవాళ్లు రెండున్నర కోట్లకు కాస్త అటూ ఇటూ. నెదర్లాండ్స్, దానికి ఆనుకుని బెల్జియం ఉత్తర భాగం, అంతకుమించి పెద్ద జాగా లేదు. కరీబియన్ సముద్రంలో అరుబా, కురసావ్ లాంటి ఆరు దీవుల్లో అది అధికార భాషే గానీ, అరుబా, కురసావ్ ఇళ్లలో పలికేది పాపియమెంతో. దక్షిణాఫ్రికాలో 1652లో కేప్ తీరం చేరిన డచ్చి, అక్కడి బానిసల నోళ్లలో, కొయ్‌కొయ్ ప్రజల నోళ్లలో కలగలిసి ఆఫ్రికాన్స్ అయింది. దాన్ని వేరే భాషగానే లెక్కించాలి.

ఒక్క సురినామ్ మాత్రం భిన్నం. బానిసత్వం పోయాక అక్కడి చెరకు తోటలకు 1873 నుంచి మన దేశపు కూలీలను, ఆ తరవాత జావా కూలీలను తీసుకెళ్లారు. ఎవరి భాష వారిదే. 1876లో నిర్బంధ విద్య వచ్చి, బడిలో డచ్చి ఒక్కటే అందరికీ ఉమ్మడి అయింది. 1975లో స్వతంత్రం వచ్చినా వాళ్లు దాన్ని వదులుకోలేదు. నేడు అక్కడ సగానికి పైగా జనం ఇంటి భాష అదే. ఒకరి భాష ఒకరికి రానివాళ్లకు అవసరపడ్డచోటే డచ్చి వేరూనింది.

సరిగ్గా ఆ అవసరంలోంచే పెరిగింది స్వాహిలీ. అరబ్బీలో ‘సవాహిల్’ అంటే తీరాలు. సోమాలియా దక్షిణం నుంచి మొజాంబిక్ ఉత్తరం దాకా ఉన్న రేవుల భాష ఇది. అరబ్బీ మాటలు దండిగా ఉన్నందున దీన్ని అరబ్బీ సంకరమని కొందరు పొరబడతారు. ఎముకలూ కండరాలూ ఆఫ్రికా బంటూ భాషలవే. పుస్తకాన్ని మన ఉర్దూవాళ్లలాగే ‘కితాబు’ అంటారు. కానీ బహువచనం చెయ్యాల్సి వస్తే మొదట్లో ఉన్న ‘కి’ని ‘వి’గా మార్చి ‘వితాబు’ అంటారు. ఎందుకంటే బంటూ భాషల్లో ఏకవచన బహువచనాలు మాట మొదట్లోనే మారతాయి. అరువు మాటను ఇంత చక్కగా తన వ్యాకరణంలో ఇముడ్చుకున్న తీరు చూస్తే ముచ్చటేస్తుంది.

మనకు దొరికిన అతి పాత స్వాహిలీ రాతల్లో 1711 నాటి ఉత్తరాలున్నాయి. తూర్పాఫ్రికాలోని కిల్వా రేవులో అరబ్బీ లిపిలో రాసినవి. అవి భద్రంగా ఉన్నది ఆఫ్రికాలో కాదు, మన గోవా దస్తావేజుల్లో. పోర్చుగీసువాళ్ల చేతికి చేరి అలా ఇక్కడికి వచ్చాయి.

19వ శతాబ్దంలో జాంజిబార్ నుంచి బిడారులు లోపలికి నడిచాయి. తబోరా, ఉజీజీ దాటి తూర్పు కాంగో దాకా వెళ్లాయి. ఏనుగు దంతాలతోపాటు బానిసలనూ తెచ్చాయి. ఆ నెత్తుటి దారినే ఈ భాషా నడిచిందన్నది దాచకూడని నిజం. తరవాత జర్మన్లు పాలనకు దీన్ని వాడుకున్నారు. 1928లో మొంబాసాలో జరిగిన సమావేశం జాంజిబార్ మాండలికాన్ని ప్రమాణంగా ఎంచింది. అదే ఏడాది అక్టోబరులో ఇండోనేషియా యువకులు మలయ్‌నే తమ జాతి భాషగా ప్రకటించుకున్నారు. టాంజానియాను నడిపిన జూలియస్ నైరేరే షేక్‌స్పియర్ ‘జూలియస్ సీజర్’ను తానే స్వాహిలీలోకి తెచ్చాడు. నూట ఇరవైకి పైగా తెగలున్న దేశాన్ని ఒక్క మాట మీద నిలిపినవాటిలో ఆ భాష ముఖ్యమైనది. నేడు టాంజానియా, కెన్యా, ఉగాండా, రువాండాల్లో అది అధికార భాష. మాట్లాడేవాళ్లు ఇరవై కోట్లకు పైనేనని యునెస్కో అంచనా. వాళ్లలో చాలామందికి అది తల్లిభాష కాదు, నేర్చుకున్న భాష. డచ్చికీ దీనికీ అసలు తేడా అక్కడే ఉంది.

ఈ రెండు భాషలూ ఎదురుపడ్డ నేల ఒకటుంది, కాంగో. 1908 నుంచి దాన్ని ఏలిన బెల్జియంలో సగానికి మించి జనం డచ్చి మాట్లాడేవాళ్లే. అయినా కాంగో దొరల దఫ్తరాల్లో రాజ్యమేలింది ఫ్రెంచి. కటంగా రాగి గనుల్లో నానా తెగల కూలీలను కలిపింది స్వాహిలీ. 1960 జూన్ 30న కాంగో స్వతంత్రమైంది. నేడు ఆ దేశపు నాలుగు జాతీయ భాషల్లో స్వాహిలీ ఒకటి. డచ్చికి అక్కడ ఏ హోదా లేదు.