కంప్యూటర్ తెర – చుక్కల చరిత్ర

దుకాణములో రెండు మానిటర్లు ప్రక్కప్రక్కన నిలిపి ఉన్నవి. రెండును 27 అంగుళములవే. రెండింటి అట్టపెట్టెల మీదను అధిక స్పష్టత కలవని వ్రాసి ఉన్నది. ధరలో మాత్రము చాల భేదము. ఏది కొనవలెను? ఈ ప్రశ్న నిన్న మొన్నటిది కాదు. కంప్యూటర్ తెర పుట్టిన నాటినుండియు ఏదో ఒక రూపమున ఇది వినబడుచునే ఉన్నది. ప్రతి తరమునందును ఏదో ఒక అంకె గొప్పగా ప్రచారములోనికి వచ్చినది. ఆ అంకె వెనుకనున్న అర్థము తెలిసినవారు మేలైన తెరను ఎన్నుకొనిరి. తెలియనివారు అంకెను కొనుక్కొని పోయిరి. దినమునకు ఎనిమిది గంటలు తెర యెదుట కూర్చుండువారు నేడు ఎందరో ఉన్నారు. వారి కంటికిని, డబ్బునకును సంబంధించిన విషయము గనుక ఈ చరిత్ర తెలిసికొనదగినది.

కంటి కొలత

తెరను కొలుచుటకు ముందు కంటిని కొలువవలెను. హాలండు దేశమునందు యూట్రెక్ట్ నగరములోని నేత్రవైద్యుడు హెర్మన్ స్నెలెన్ 1862లో ఒక అక్షరముల పటమును ప్రకటించెను. నేడు కంటి ఆసుపత్రులలో గోడకు వ్రేలాడు పటములు దాని సంతతివే. ఒక డిగ్రీ కోణమును 60 భాగములు చేసినచో ఒక్కొక్క భాగమునకు నిమిషము అని పేరు. మంచి చూపు గల కన్ను ఒక నిమిషపు కోణములో ఇమిడిన గీతను వేరుగా గుర్తించగలదను సూత్రముపై స్నెలెన్ పటము ఆధారపడినది.

బల్లమీది తెరకును, చూచువానికిని నడుమ దూరము సాధారణముగా 60 సెంటీమీటర్లు ఉండును. ఆ దూరమున ఒక నిమిషపు కోణము సుమారు 0.175 మిల్లీమీటర్లకు సమానము. తెరమీది బొమ్మ యావత్తును పిక్సెళ్ళు అనబడు చుక్కల కూర్పు. చుక్క ఈ కొలతకంటె పెద్దదైనచో అక్షరముల అంచులు మెట్లుమెట్లుగా కనిపించును. చిన్నదైనచో చుక్కలు కలిసిపోయి నున్నని గీత అగును. అనగా అంగుళమునకు సుమారు 145 చుక్కలు గల తెర ఈ సరిహద్దున నిలుచును. నిశితమైన చూపు గలవారికి సరిహద్దు ఇంకను సన్నగా ఉండును. తెరల చరిత్ర అంతయు ఈ సరిహద్దు వైపునకు జరిగిన ప్రయాణమే.

గాజు బుడ్డి యుగము

1897లో స్ట్రాస్‌బుర్గ్ నగరమున కార్ల్ ఫెర్డినాండ్ బ్రౌన్ అను శాస్త్రజ్ఞుడు కాథోడు కిరణ నాళమును నిర్మించెను. గాలి తీసివేసిన గాజు బుడ్డిలో ఎలక్ట్రానుల ధార ఒక పూతను తాకగా అచ్చట వెలుగు చుక్క పుట్టును. విద్యుత్ప్రవాహపు హెచ్చుతగ్గులను కంటితో చూచుటకై ఆయన దీనిని ఉద్దేశించెను. ఆ నాళమే ముందు టెలివిజన్‌కును, పిమ్మట కంప్యూటర్‌కును తెర అయినది.

1973లో అమెరికాలోని జెరాక్స్ సంస్థ పరిశోధకులు ఆల్టో అను కంప్యూటర్‌ను తయారు చేసిరి. దాని తెర కాగితమువలె నిలువుగా ఉండెను. అడ్డమున 606, నిలువున 808 చుక్కలు. తెల్లని నేలపై నల్లని అక్షరములు కనిపించుట అందు విశేషము. 1981లో వచ్చిన ఐ.బి.ఎం. పర్సనల్ కంప్యూటర్ ఏకవర్ణపు తెరపై ఒక్కొక్క అక్షరమునకు 9 చుక్కల వెడల్పు, 14 చుక్కల ఎత్తు గల గడి కేటాయింపబడినది. 1987లో వి.జి.ఎ. పద్ధతి వచ్చి 640 చుక్కలు, 480 వరుసలు సామాన్యమైనవి.

ఇంగ్లీషు అక్షరమునకు 14 వరుసలు చాలును. తెలుగునకు చాలవు. 'స్త్రీ' అను మాటను చూడుడు. నడుమ అక్షరము, పైన గుడి దీర్ఘము, క్రింద రెండు వత్తులు. ఒక మేడవలె అంతస్తులు లేచును. 'ద'కును 'ధ'కును, 'ప'కును 'ఫ'కును భేదము క్రిందనున్న చిన్న గీత మాత్రమే. గుడికిని గుడి దీర్ఘమునకును భేదము ఒక చిన్న మెలిక. చుక్కలు పెద్దవైన తెరపై ఈ గీతయు, మెలికయు అలుక్కుపోవును. 1991లో యూనికోడ్ తొలి ప్రతిలోనే తెలుగు లిపికి చోటు దొరకినది. కాని సంకేతము అక్షరమేదో చెప్పును గాని, దాని ఆకృతిని చూపవలసినది తెరమీది చుక్కలే. కావున ప్రూఫులు దిద్దువారికి చుక్కల సన్నదనము విలాసము కాదు, పనిముట్టు.

జల్లెడయా, తీగెలా?

రంగుల తెరలో ప్రతిచోట ఎరుపు, ఆకుపచ్చ, నీలము పూతలు ప్రక్కప్రక్కన ఉండును. ఏ ధార ఆ రంగునే తాకునట్లు చేయుటకై 1950లో ఆర్.సి.ఎ. సంస్థ సన్నని రంధ్రములు గల లోహపు జల్లెడను తెర వెనుక నిలిపి ప్రదర్శించినది. 1968లో జపాను దేశపు సోనీ సంస్థ జల్లెడకు బదులు నిలువు తీగెల వరుసను అమర్చి ట్రినిట్రాన్ అని పేరు పెట్టినది. తీగెల నడుమనుండి ఎక్కువ ఎలక్ట్రానులు సాగిపోవుటచే వెలుగు హెచ్చినది. అయితే తీగెలు కంపింపకుండ వాటికి అడ్డముగా ఒకటి రెండు సన్నని తీగెలు కట్టవలసి వచ్చినది. తెల్లని పుటపై వాటి నీడ సన్నని గీతగా కనిపించును.

1990ల దశకమున కొనువారికి ఎదురైన ప్రశ్న ఇదే: జల్లెడ తెరయా, తీగెల తెరయా? అట్టపెట్టె మీద జల్లెడ తెరకు 0.28 మిల్లీమీటర్లనియు, తీగెల తెరకు 0.25 మిల్లీమీటర్లనియు వ్రాసెడివారు. రెండవదియే సన్ననిదని చూచినవారు అనుకొందురు. కాని జల్లెడ యందు ఒకే రంగు చుక్కల దూరమును ఏటవాలుగా కొలుతురు. తీగెల యందు అడ్డముగా కొలుతురు. ఏటవాలుగా 0.28 ఉన్నది అడ్డముగా సుమారు 0.24 మాత్రమే అగును. అనగా పెద్ద అంకె గల తెరయే అడ్డముగా ఒకపాటి సన్ననిది! కొలత చేసిన దిక్కు తెలియక రెండంకెలను పోల్చుట మూరలో కొలిచిన గుడ్డను గజముతో కొలిచిన గుడ్డతో పోల్చుట వంటిది. ఆ కాలమున 17 అంగుళముల తెరలో కంటికి కనిపించు భాగము సుమారు 16 అంగుళములే. తక్కినది చట్రము చాటున ఉండెడిది.

ఇంకొక విశేషము. సోనీ చేసిన నాళములే డెల్, సన్ మొదలగు సంస్థల పేర్లతోను అమ్ముడుపోయినవి. పేరు వేరైనను లోపలి గాజు ఒక్కటే.

ద్రవమై ప్రవహించు స్ఫటికము

1888లో ప్రాగ్ నగరమందలి వృక్షశాస్త్రజ్ఞుడు ఫ్రీడ్రిక్ రైనిట్జర్ కొలెస్టరిల్ బెంజోయేట్ అను పదార్థమును వేడిచేయగా అది 145.5 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద మసకగా కరిగి, 178.5 డిగ్రీల వద్ద తేటబడెను. ఈ నడిమి స్థితికి ద్రవ స్ఫటికమని పేరు వచ్చినది. 1968లో ఆర్.సి.ఎ. పరిశోధకుడు జార్జి హైల్‌మైర్ బృందము దీనితో బొమ్మ చూపవచ్చునని ప్రకటించినది. 1970లో స్విట్జర్లాండులో మార్టిన్ షాట్, వోల్ఫ్‌గాంగ్ హెల్ఫ్రిక్ మెలితిరిగిన అణువుల పద్ధతిని రూపొందించిరి. 1973లో ఇంగ్లాండునందు హల్ విశ్వవిద్యాలయపు జార్జి గ్రే గది ఉష్ణోగ్రతయందు చెడిపోక నిలుచు పదార్థములను తయారు చేసెను. భారతదేశమునకును ఈ శాస్త్రములో స్థానము కలదు. బెంగుళూరునందలి రామన్ పరిశోధన సంస్థలో ఎస్. చంద్రశేఖర్ బృందము 1977లో బిళ్ళలవంటి అణువులు గల ద్రవ స్ఫటికములను కనుగొన్నది.

ఈ పలకలో ప్రతి చుక్కకును స్థిరమైన చోటు కలదు. గాజు నాళమునందువలె చుక్కల సంఖ్యను ఇచ్చవచ్చినట్లు మార్చినచో బొమ్మ మసకబారును. అందువలన పలకకు పుట్టుకతో వచ్చిన సంఖ్యయే దాని అసలు సంఖ్య.

ఒకే పలక, మూడు పేర్లు

2001లో ఐ.బి.ఎం. సంస్థ టి220, పిమ్మట టి221 అను మానిటర్లను విడుదల చేసినది. 22.2 అంగుళముల తెరలో అడ్డమున 3840, నిలువున 2400 చుక్కలు, మొత్తము 92,16,000. అంగుళమునకు 204 చుక్కలు. ఒక్కొక్క చుక్క 0.125 మిల్లీమీటర్లు మాత్రమే గనుక ఈ తెర స్నెలెన్ సరిహద్దును దాటినది. దీని నమూనా 2000లోనే అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాలకు చేరినది.

ఇదే పలకతో వ్యూసోనిక్ సంస్థ వి.పి.2290బి అను పేరుతోను, ఇయామా సంస్థ వేరొక పేరుతోను మానిటర్లు అమ్మినవి. పలకలో చూచినచో మూడింటికి భేదము లేదు. ఎన్నుకొనువాడు చూడవలసినది ధర, తీగెలు, పూచీపత్రము మాత్రమే.

ఇంత గొప్ప తెర ఏల వ్యాపించలేదు? కారణములు రెండు. మొదటిది తీగె. 1999 నాటి డి.వి.ఐ. తీగె ఒక్కటి సెకనుకు సుమారు 13 మార్లు మాత్రమే ఈ తెరను నింపగలదు. నాలుగు తీగెలు కలిపిన 41 మార్లు. రెండవది సాఫ్ట్‌వేర్. నాటి కార్యక్రమములు అంగుళమునకు 96 చుక్కలు ఉండునని తలచి అక్షరములు వ్రాసెడివి. 204 చుక్కల తెరపై ఆ అక్షరములు సగముకంటె చిన్నవై చదువ వీలుకాకుండెను. కంటికి మించిన సన్నదనము లభించినను కన్ను చదువలేకపోయినది! 2005లో దీని తయారీ ఆగిపోయినది.

2004లో ఆపిల్, 2005లో డెల్ 30 అంగుళముల తెరలను తెచ్చినవి. రెండింటియందును ఎల్.జి. ఫిలిప్స్ వారి పలకయే. 2560 చుక్కలు, 1600 వరుసలు. డెల్ తెర ఎత్తును సర్దుకొన వీలున్నది. ఆపిల్ తెరను వంచుటకే వీలు. మెడ నొప్పి గలవానికి ఆ భేదమే అన్నిటికంటె పెద్దది.

సరిహద్దు దాటిన తరువాత

సాఫ్ట్‌వేర్ మారిన పిమ్మట సన్నని తెరలకు మరల కాలము వచ్చినది. 2012లో ఆపిల్ ఒళ్ళో కంప్యూటర్‌కు అంగుళమునకు 220 చుక్కల తెర అమర్చినది. 2013 ప్రాంతమున 4కె మానిటర్లు వచ్చినప్పుడు కొన్ని తెరలను కంప్యూటర్ రెండు ముక్కలుగా భావించి నడపవలసి వచ్చినది, హెచ్.డి.ఎం.ఐ. 1.4 తీగెపై సెకనుకు 30 మార్లే బొమ్మ మారుటచే మౌస్ గుర్తు ఈడ్చుకొని పోవునట్లుండెను. 2014లో 27 అంగుళముల 5కె తెరలు వచ్చినవి.

27 అంగుళములకే లెక్క చూతము. 2560 చుక్కల తెరకు అంగుళమునకు 109. 4కె తెరకు 163. 5కె తెరకు 218. మొదటిది 60 సెంటీమీటర్ల సరిహద్దుకు ఇవతల, రెండవది కొంచెము అవతల, మూడవది చాల అవతల ఉన్నవి. మొదటి రెంటికి నడుమ భేదము ఎవరికైనను తెలియును. తక్కిన రెంటి భేదము మంచి చూపునకు, సన్నని అక్షరమునకే తెలియును. అయితే 5కె తెరకు మరొక సుగుణము కలదు. 2560 చుక్కల కొలతను అది సరిగా రెట్టింపు చేయును గనుక పాత చుక్క ఒక్కటి నాలుగు చుక్కలై, అంచులు చెదరవు. 4కె తెరపై అదే పరిమాణమునకు ఒకటిన్నర రెట్లు పెంచవలెను. పాత కార్యక్రమములు కొన్ని మసకబారును.

చుక్కలు సమానమైనప్పుడు పలక జాతిని చూడవలెను. మెలితిరిగిన అణువుల పలక చౌక; కాని క్రిందినుండి చూచిన రంగు మారును. 1996లో హిటాచి సంస్థ విపణిలోనికి తెచ్చిన ఐ.పి.ఎస్. జాతి ఏ ప్రక్కనుండి చూచినను రంగు నిలుపును. వి.ఎ. జాతి చక్కని నలుపునకు ప్రసిద్ధి.

పూచీపత్రమును చదువుటయు మరువరాదు. 2001 నాటి అంతర్జాతీయ ప్రమాణము రెండవ తరగతి పలకలో పది లక్షల చుక్కలకు రెండు ఎల్లప్పుడు వెలుగుచున్నను దోషముగా ఎంచలేదు. 4కె తెరలో 82,94,400 చుక్కలు ఉన్నవి గనుక ఆ లెక్కన అట్టి చుక్కలు 16 వరకు చెల్లును. అంకె పెరిగిన కొలది ఓర్చుకొనవలసిన లోపమును పెరుగుచున్నదన్న మాట.

కొనదలచినవారు మూడు పనులు చేసిన చాలును. తమ కంప్యూటర్ ఏ తీగెతో, సెకనుకు ఎన్నిమార్లు ఆ తెరను నింపగలదో ముందుగా అడుగవలెను. తెర ఎత్తు తమ మెడకు అనుకూలమగునో చూడవలెను. చివరకు దినమును చదువు పరిమాణములోనే ఒక తెలుగు పుటను తెరిపించి, మూరెడు దూరము మించి వెనుకకు కూర్చుండి, 'ద'ను 'ధ'ను వేరుచేసి చదువవలెను. కన్ను తడబడక చదివిన తెరయే వారికి తగిన తెర. అంతకుమించి పెట్టె మీద ఎంత అంకె ఉన్నను అది దుకాణదారుని లాభమే గాని చదువువానిది కాదు.