కుళాయి మరమ్మతు ఖర్చు: దానిని పెంచేవి, తగ్గించేవి

ఒకే వీధిలో పక్కపక్కనే ఉన్న రెండు ఇళ్లను ఊహించుకొందాము. రెండింటిలోను స్నానాలగదిలో ఒకే లోపం. అరంగుళం పైపు ఎల్బో దగ్గర చీలి నీరు కారుతున్నది. మొదటి ఇంటిలో పైపు గోడమీద కంటికి కనబడుతూ పోయినది. ఆ గదికి ప్రత్యేకంగా ఒక వాల్వు కూడా ఉన్నది. ప్లంబరు వచ్చి, వాల్వు కట్టి, గంటలో పని ముగించి వెళ్ళాడు. రెండవ ఇంటిలో పైపు గోడ లోపల, టైల్సు వెనుక ఉన్నది. నీరు ఎక్కడ కారుతున్నదో తెలియక రెండు చోట్ల గోడ పగులగొట్టారు. వాల్వు లేనందున మేడమీది ట్యాంకు మొత్తం ఖాళీ చేశారు. పైపు అతికిన మరునాడు తాపీ మేస్త్రీ వచ్చాడు, ఆ మరునాడు టైల్సు మేస్త్రీ వచ్చాడు. పాత టైల్సుకు సరిపోయే రంగు ఏ దుకాణంలోను దొరకలేదు. రెండు ఇళ్లలోను మారిన వస్తువు ఒక్కటే, ఒక ఎల్బో. ఖర్చు మాత్రం మొదటి ఇంటికి ఒక పూట కూలి, రెండవ ఇంటికి నెల జీతంలో చెప్పుకోదగిన భాగం.

ప్లంబింగు మరమ్మతుల ఖర్చును అర్థం చేసుకొనుటకు ఈ తేడాయే ఆధారము. వస్తువు ధర బిల్లులో తరచుగా చిన్న భాగమే. లోపమెక్కడ ఉన్నదో కనుగొనుటకు, ఆ చోటికి చేరుటకు, పగులగొట్టినదానిని మరల పూర్వస్థితికి తెచ్చుటకు అయ్యేదే పెద్ద భాగము. కనుక ఇల్లు కట్టిన రోజుననే ఈ ఖర్చులో సగము నిర్ణయమైపోవునని చెప్పినా అతిశయోక్తి కాదు.

పైపు రకమును బట్టి పని

పాత ఇళ్లలో ఎక్కువగా జి.ఐ. పైపులు కనబడతాయి. ఇవి ఇనుప గొట్టాలకు జింకు పూత పూసినవి. ఒకదానికొకటి మరలతో బిగుసుకొంటాయి. ఇక్కడొక చిక్కున్నది. వరుస మధ్యలోని ముక్కను మాత్రమే విప్పుదామంటే, ఒక కొస విప్పుతున్న కొలది రెండవ కొస మరింత బిగుసుకొంటుంది. అందుచేత, మధ్యలో యూనియన్ లేకపోతే, చివరి కుళాయి నుండి ఒక్కొక్కటిగా విప్పుకొని రావలెను. లేదా పైపును కోసి, కొత్త మర కోయించి, యూనియన్ వేయవలెను. ముప్పై ఏళ్ల పైపు అయితే రెంచి పెట్టి తిప్పగానే పక్కనున్న కీలు కూడా విరుగుతుంది. ఒక కీలుకు వచ్చిన ప్లంబరు మూడు కీళ్లు మార్చి వెళ్ళుటకు కారణము చాలాసార్లు అతని దురాశ కాదు, తుప్పు. అటువంటి ఇంటిలో రెండు మూడు సార్లు ముక్కలు అతికిన తరువాత, ఆ వరుస మొత్తాన్ని మార్చుటయే చవక.

కొత్త ఇళ్లలో చల్లనీటికి యు.పి.వి.సి., వేడినీటికి సి.పి.వి.సి. వాడుట ఆనవాయితీ. యు.పి.వి.సి. తాగునీటి పైపులకు భారతీయ ప్రమాణం ఐ.ఎస్. 4985, అది 45 డిగ్రీల సెల్సియస్ వరకు ఉన్న నీటికే వర్తిస్తుంది. సి.పి.వి.సి. పైపులకు ప్రమాణం ఐ.ఎస్. 15778, అవి 93 డిగ్రీల వరకు తట్టుకొంటాయి. గీజరు వరుసలో డబ్బు ఆదా చేయుటకై యు.పి.వి.సి. వేయించినవారు తరువాత గోడ పగులగొట్టవలసి వచ్చిన సందర్భములు సర్వసాధారణము. ఈ పైపులను జిగురుతో అతుకుతారు. మరల బెడద లేదు, పని త్వరగా అవుతుంది. అయితే జిగురు ఆరకముందే నీరు వదిలితే అతుకు వదులుతుంది, రెండవసారి కూలి తప్పదు. కుళాయి బిగించే చోట ఇత్తడి మర ఉన్న కప్లింగు వేయవలెను. దాని ధర మామూలు ప్లాస్టిక్ కప్లింగు కంటె చాలా ఎక్కువ గనుక కొందరు ప్లాస్టిక్ మరనే వేస్తారు. కుళాయి బిగించేటప్పుడు ఆ మర చీలితే లోపం గోడలోనే మిగిలిపోతుంది. మేడమీద ఎండలో రంగు పూయక వదిలిన ప్లాస్టిక్ పైపు కొన్ని ఏళ్లలో పెళుసెక్కుతుంది. చేయి తగిలినా పుటుక్కుమంటుంది. ఒక డబ్బా రంగు అక్కడ ఎంత పని చేయునో చెప్పనక్కరలేదు.

నీటి స్వభావము

సరిహద్దు జిల్లాలవారు ఈ అంశాన్ని ప్రత్యేకంగా గమనింపవలెను. జీవనది లేని కోలారు జిల్లాలో, పొరుగున ఉన్న చిక్కబళ్ళాపురంలో బోరుబావుల లోతు పలు చోట్ల వేయి అడుగులు దాటినది. అంత లోతు నుండి వచ్చే నీటిలో సున్నపు లవణాలు ఎక్కువ. తాగునీటి ప్రమాణం ఐ.ఎస్. 10500 ప్రకారం కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాములలోపు ఉండవలెను. వేరే ఆధారం లేనప్పుడు 600 వరకు అనుమతింపవచ్చును. కఠినజలము పైపు లోపల తెల్లని పొరగా పేరుకొంటుంది, కుళాయి స్పిండిలును అరగదీస్తుంది, షవరు రంధ్రాలను మూస్తుంది, గీజరు కాయిలు మీద గట్టి పెంకు కట్టిస్తుంది. నదినీటి ఇంటిలో ఏళ్ల తరబడి నిలిచే కుళాయి ఇక్కడ త్వరగా మొరాయిస్తుంది. అటువంటి ఊళ్లలో ఖరీదైన సిరామిక్ డిస్కు కుళాయి కంటె, ఎవరైనా వాషరు మార్చుకొనగలిగిన పాత పద్ధతి ఇత్తడి కుళాయియే మేలు. వాషరు ధర కొద్ది రూపాయలు. డిస్కు కార్ట్రిడ్జి చెడితే ఆ కంపెనీ సామానే వెతుక్కోవలెను.

యానాము, బరంపురం సమీపంలోని గోపాలపూర్ వంటి తీరప్రాంతాలలో ఉప్పుగాలి వలన జి.ఐ. పైపులు, వాటిని పట్టియుంచే క్లాంపులు బయటి నుండి కూడా తుప్పు పడతాయి.

ఒక పొరపాటును ఇక్కడే చెప్పుకోవలెను. గీజరు వేడెక్కుచున్నప్పుడు దాని సేఫ్టీ వాల్వు నుండి నాలుగు చుక్కలు పడుట లోపము కాదు. నీరు వేడికి వ్యాకోచించును గనుక ఆ దారిన ఒత్తిడి తగ్గుతుంది. దానికై ప్లంబరును పిలిస్తే వచ్చిపోయిన కూలి వృథా. ఆ వాల్వుకు బిరడా కొట్టించుట మాత్రం ప్రాణాపాయము.

కూలి, దూరము, భాష

కూలి గంటల లెక్కన గాక సాధారణంగా పూట లెక్కన లేదా పని లెక్కన ఉంటుంది. అరగంట పనికి పూట కూలి అడిగితే గృహస్థునకు అన్యాయముగా తోచవచ్చును. కాని దూరం నుండి సామాను మోసుకొని వచ్చిన మనిషికి ఆ పూట మరొక పని దొరకదు. కావున చిన్న చిన్న లోపాలను, ఒక కుళాయి చుక్క, ఒక ఫ్లష్ ట్యాంకు మూత, ఒక వదులైన యాంగిల్ కాక్, ఒక కాగితం మీద వ్రాసి పెట్టుకొని ఒకే రాకలో చేయించుకొనుట ఉభయులకు లాభము. అర్ధరాత్రి, పండుగనాడు పిలిస్తే రేటు పెరుగుట సహజమే.

దేశంలోని పెద్ద నగరాలలో పనిచేసే ప్లంబర్లలో ఒడిశాలోని కేంద్రపడా జిల్లా వారు, ముఖ్యంగా పట్టాముండై ప్రాంతం వారు, ఎందరో ఉన్నారు. అక్కడ ప్లంబింగుకే ప్రత్యేకమైన ప్రభుత్వ శిక్షణ సంస్థ కూడా ఉన్నది. వీరు జూన్ నెలలో రజ పండుగకు, ఆపై దసరాకు స్వగ్రామాలకు వెళ్ళినప్పుడు నగరాలలో పనివారి కొరత ఏర్పడుతుంది. హోసూరు వంటి పారిశ్రామిక పట్టణాలలో కట్టడపు పనులు ముమ్మరముగా ఉన్న రోజులలో, రెండు రోజుల కొత్త ఇంటి పని వదలి ఒక కుళాయి చుక్కకు వచ్చేవారు అరుదు.

సరిహద్దు ఊళ్లలో మాటల తేడా కూడా డబ్బుతో ముడిపడినదే. కన్నడమువారు నల్లి అంటే కుళాయి. తమిళములో కుళాయ్ అన్నమాట గొట్టానికీ, కుళాయికీ రెండింటికీ చెల్లుతుంది. ‘కుళాయి మార్చవలెను’ అని తెలుగు గృహస్థు ఫోనులో చెబితే తమిళ ప్లంబరు పైపు వరుస మార్చే పని అనుకొని పెద్ద అంచనా చెప్పవచ్చును. లేదా పైపు కోసే సామాను తెచ్చుకోకుండా వచ్చి ఒక పూట పోగొట్టవచ్చును. వస్తువును చూపి మాట్లాడుట, లేదా ఫోనులో ఫోటో పంపుట దీనికి విరుగుడు.

సామాను ఎవరు కొనవలెనన్నది ముందుగానే తేల్చుకోవలెను. కొన్ని దుకాణాలు ప్లంబరుకు కమీషన్ ఇచ్చుట బహిరంగ రహస్యమే. గృహస్థుడే కొంటే అది మిగులుతుంది. అయితే కొలత తప్పు తెచ్చి రెండుసార్లు తిరిగితే మిగిలినది ఆటో ఖర్చుకే పోతుంది. ప్లంబరు చేత వస్తువుల పట్టీ వ్రాయించి, బిల్లు ఇంటి పేరున తీసుకొనుట మధ్యేమార్గము. పగులగొట్టిన గోడను ఎవరు పూడ్చవలెనన్నది కూడా అప్పుడే అడగవలెను. చాలా తగాదాలు అక్కడే పుడతాయి.

పగులగొట్టక ముందు

గోడమీద చెమ్మ కనబడగానే ఉలి, సుత్తి పట్టుకొనుట తప్పు. చెమ్మ ఎల్లప్పుడు ఒకే తీరున ఉంటే అది నీటి పైపుది. స్నానము చేసిన తరువాత పెరిగి, ఇంట ఎవరూ లేని నాడు తగ్గితే మురుగు పైపుది లేదా నేల టైల్సు సందులది. వాన పడిన మరునాడు మాత్రమే కనబడితే అది ప్లంబరు పనియే కాదు, మేడ లేదా గోడ పగులుది. రాత్రి పడుకొనే ముందు అన్ని కుళాయిలు కట్టి ట్యాంకులో నీటిమట్టము గుర్తు పెట్టి, ఉదయము చూస్తే లీకు ఉన్నదీ లేనిదీ తెలిసిపోతుంది. ఫ్లష్ ట్యాంకులో కొంచెం నీలిమందు కలిపి, ఫ్లష్ చేయకుండా అరగంట ఆగితే, కింద బేసినులో రంగు దిగినదా లేదా అన్నదే సాక్ష్యము. ఈ పరీక్షలకు ఖర్చేమీ లేదు. ఇవి చేసిన ఇంటిలో పగులగొట్టే చోట్లు తగ్గుతాయి.

ప్రతి స్నానాలగదికీ, వంటగదికీ విడివిడిగా వాల్వు ఉన్నదా అని కూడా చూచుకోవలెను. లేకుంటే ఒక్క వాషరు కొరకు వేయి లీటర్ల ట్యాంకు వదలివేయవలసి రావచ్చును. ఎండాకాలములో ట్యాంకరు నీరు కొనే ఊళ్లలో ఆ నీటి ధర కూలిని మించుతుంది. ఉన్న వాల్వులను కూడా రెండు మూడు నెలలకొకసారి తిప్పకపోతే బిగుసుకుపోతాయి, అవసరమైన రోజున తిరగవు.

సెకనుకొక చుక్క కారే కుళాయి రోజుకు సుమారు 20 లీటర్లు పారబోస్తుంది. ఆ నీటి విలువ కంటె పెద్ద నష్టము వేరొకటి ఉన్నది: గోడలోకి ఇంకే చుక్క కడ్డీని తుప్పు పట్టించి పెచ్చు ఊడదీస్తుంది. అప్పుడది ప్లంబరు బిల్లు కాదు, కట్టడపు బిల్లు.

మురుగు వైపు

మురుగు పైపు అడ్డుపడినప్పుడు ఖర్చు అడ్డు ఎంత దూరాన ఉన్నదన్న దానిని బట్టి ఉంటుంది. సింకు కింది ట్రాప్‌లో ఉంటే చేతితో విప్పి కడుగుకోవచ్చును. ఛాంబరు దాటితే కడ్డీలు తెప్పించవలెను. ఛాంబరు మీదనే టైల్సు పరచి మూత కనబడకుండా చేసిన ఇళ్లలో ముందు ఆ మూతనే వెతకవలెను! సెప్టిక్ ట్యాంకు నిండితే లారీ పెట్టి తోడించుటకు ఎన్ని సార్లు తోడవలెనో దానిని బట్టి రేటు. చవకగా అవుతుందని మనిషిని లోపలికి దింపుట ఎన్నడూ చేయరాదు. లోపలి విషవాయువులకు ప్రాణాలు పోయిన ఘటనలు ఎన్నో. రక్షణ సామగ్రి లేకుండా దింపుట 2013 నాటి కేంద్ర చట్టం ప్రకారము నేరము కూడా.

అద్దె ఇళ్లు

ఖర్చు ఎంతన్నది ఒక ప్రశ్న అయితే, ఎవరిదన్నది మరొకటి. కేంద్ర ప్రభుత్వం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టము ఈ పనులను విభజించినది. అవసరమైనప్పుడు పైపులు మార్చుట యజమాని పని. కుళాయిలు, వాటి వాషర్లు మార్చుట, కాలువ శుభ్రము, మరుగుదొడ్డి, వాష్ బేసిను, గీజరు మరమ్మతులు అద్దెదారు పని, వ్రాతపూర్వక ఒప్పందములో వేరే విధంగా ఉంటే తప్ప. ఇది నమూనా మాత్రమే, రాష్ట్రము స్వీకరించిన చోటనే వర్తిస్తుంది. తమిళనాడు అంతకు ముందే 2017లో సొంత చట్టము చేసి 2019 నుండి అమలు పరచినది. ఏ రాష్ట్రమైనా, గోడలోని పైపు ఎవరి లెక్కలోనిదో ఇంటిలో చేరేముందే ఒప్పంద పత్రములో ఒక వాక్యముగా వ్రాయించుకోవచ్చును. కొత్తగా ఇల్లు కట్టించువారు గోడలకు పూత పూయించక ముందు, పక్కన టేపు పెట్టి, పైపు వరుసలన్నింటికి ఫోటోలు తీయించి ఇంటి కాగితాలతో పాటు భద్రపరచుకోవలెను.