మచ్చల కుక్క - మూత్రములో రాళ్లు

మానవుడు కుక్కను వేల సంవత్సరముల క్రిందటనే మచ్చిక చేసికొనెను. మందను కాచుటకు, వేటకు, ఇంటి కాపలాకు పనికివచ్చు కుక్కలను ఏరి పెంచుచు వచ్చెను. చిరకాలము పనితనమే ప్రధానముగా నుండెను. పందొమ్మిదవ శతాబ్దములో రూపము ముందుకు వచ్చినది. 1859లో ఇంగ్లండులోని న్యూకాసిల్ పట్టణమున కుక్కల ప్రదర్శన జరిగినది. 1873లో లండనులో కెన్నెల్ క్లబ్బు, 1884లో అమెరికాలో అటువంటి సంస్థయే ఏర్పడినవి. ప్రతి జాతికి లక్షణముల పట్టిక, వంశావళి పుస్తకము సిద్ధమైనవి. పుస్తకమునకెక్కిన తల్లిదండ్రులకు పుట్టిన పిల్లయే ఆ జాతి కుక్క. ఇతర జాతితో సంకరము కూడదు. ఈ కట్టుబాటు జాతికి మేలు చేసెనా, కీడు చేసెనా? డాల్మేషియన్ కుక్క చరిత్రను చూచిన ఈ సంగతి బోధపడును.

తెల్లని ఒంటిపై గుండ్రని మచ్చలుగల ఈ కుక్క ఇంగ్లండులో ధనికుల గుర్రపుబండ్ల వెంట పరుగెత్తుచుండెడిది. మచ్చలు ఎంత స్పష్టముగా నుండిన దానికి అంత మెప్పు. 1916లో అమెరికను రసాయన శాస్త్రజ్ఞుడు స్టాన్లీ బెనెడిక్ట్ ఈ కుక్క మూత్రములో యూరికామ్లము అధికముగా నున్నదని తెలిపెను. చక్కెరను గుర్తించుటకు విద్యార్థులు వాడు బెనెడిక్ట్ ద్రావణము ఈయన పేరిటిదే.

యూరికామ్లము అధికమగుటకు కారణమేమి? శరీరములో ప్యూరిన్లను పదార్థములు విచ్ఛిన్నమైనపుడు యూరికామ్లము పుట్టును. సాధారణముగా కుక్క కాలేయములోని యూరికేజ్ అను ఎంజైము దానిని అలంటాయిన్‌గా మార్చును. అలంటాయిన్ నీటిలో సులభముగా కరగి మూత్రముతో పోవును. డాల్మేషియన్‌కును ఈ ఎంజైము కలదు. కాని యూరికామ్లము కాలేయ కణములలోనికి చక్కగా ప్రవేశింపజాలదు; మూత్రపిండములును దానిని తిరిగి రక్తములోనికి సరిగా గ్రహింపజాలవు. అందుచే అది మూత్రములో హెచ్చి, కొన్ని కుక్కలలో రాళ్లుగా గట్టిపడును. మగకుక్క మూత్రనాళము సన్నము. అందు రాయి అడ్డుపడి మూత్రము బంధించినపుడు వెంటనే చికిత్స జరుగనిచో ప్రాణమే పోవచ్చును.

ఈ లోపము అంతర్గత లక్షణమని 1938లో ట్రింబుల్, కీలర్ అను శాస్త్రజ్ఞులు చూపిరి. అనగా తల్లినుండి ఒకటి, తండ్రినుండి ఒకటి, రెండు లోపపు జన్యువులు సంక్రమించిననే లోపము బయటపడును. ఒక్క మంచి జన్యువున్న చాలు, కుక్క ఆరోగ్యముగా నుండును. కాని స్వచ్ఛమైన డాల్మేషియన్లలో ఆ ఒక్కటియు మిగులలేదు. మచ్చలకొరకు ఏరి పెంచుటలోనే, తెలియకుండ, ఈ లోపము కూడ స్థిరపడెనని పరిశోధకుల అభిప్రాయము. జాతిలో లేని జన్యువును జాతిలోపల ఎంత వెదకినను దొరకదు గదా!

1973లో అమెరికను జన్యుశాస్త్రజ్ఞుడు రాబర్ట్ షైబుల్ ఒక డాల్మేషియన్‌ను పాయింటర్ జాతి కుక్కతో ఒకే ఒక్కసారి సంకరపరచెను. పిల్లలలో మంచి జన్యువు గలవానిని ఏరి, తరతరమునను స్వచ్ఛమైన డాల్మేషియన్లతోనే కలిపెను. తరమునకొకసారి పాయింటర్ అంశము సగమగును. మొదటి తరమున సగము, రెండవ తరమున నాలుగవ వంతు. పదవ తరమునాటికి సగటున 1024వ వంతు మాత్రమే. మచ్చలు నిలిచినవి, రాళ్ల భయము తొలగినది.

అయినను శాస్త్రము నిరూపించినదానిని సంఘము వెంటనే అంగీకరింపలేదు. 1981లో అమెరికను సంస్థ ఐదవ తరపు కుక్కలు రెండింటిని పుస్తకమునకెక్కించెను. కాని స్వచ్ఛత చెడునని డాల్మేషియన్ పెంపకందార్లు అభ్యంతరము చెప్పగా, వాని సంతతి నమోదు నిలిచిపోయెను. 2008లో ఈ లోపమునకు కారణమైన జన్యువు గుర్తింపబడినది. దానితో ఏ పిల్లకు మంచి జన్యువు వచ్చినదో పరీక్షచే తెలిసికొనుట సాధ్యమైనది. 2010లో ఇంగ్లండు క్లబ్బు, 2011లో అమెరికను సంస్థ ఇట్టి కుక్కలను నమోదునకు అంగీకరించినవి. మొదటి సంకరము నాటినుండి అప్పటికి 38 సంవత్సరములు గడచెను. ఈలోగా లోపముతోనే ఎన్నో తరముల కుక్కలు పుట్టినవి.

అడవిలో జబ్బుపడు ప్రాణి సంతతి ప్రకృతి ఎన్నికలో తగ్గిపోవును. పెంపుడు కుక్క విషయమున ఎన్నిక మానవునిది. కావున దాని ఆరోగ్యమునకు బాధ్యతయు అతనిదే. ఏరునపుడు అతడు మచ్చలతోపాటు మూత్రమును కూడ పరీక్షింపవలసియున్నది.