లెక్కల్లో కులం, పాలనలో న్యాయం: కమలాపురం నేపథ్యంగా ఒక చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

ప్రభుత్వం మనుషులను లెక్కించడం వివక్షకూ దారితీయవచ్చు, వివక్షను తొలగించే పనికీ ఉపకరించవచ్చు. కడప జిల్లాలోని పూర్వపు కమలాపురం తాలూకా ప్రాంతాన్ని నేపథ్యంగా తీసుకొని, మన్రో కాలపు గ్రామలెక్కల నుంచి 2025 నాటి షెడ్యూల్డు కులాల వర్గీకరణ వరకు సాగిన లెక్కింపు చరిత్రను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. లెక్కలు ఎప్పుడు న్యాయసాధనాలు అయ్యాయో, ఎప్పుడు కాలేదో గుర్తించడం దీని ఉద్దేశ్యం.

కీలకపదాలు: కమలాపురం, జనాభా లెక్కలు, కులం, నేరస్థ జాతుల చట్టం, కమ్యూనల్ జీవో, ఆది ఆంధ్ర, వర్గీకరణ.

1. ఉపోద్ఘాతం:

పాపఘ్ని నది ఒడ్డున ఉన్న కమలాపురం 1985లో మండల వ్యవస్థ ఏర్పడేదాకా తాలూకా కేంద్రం. చుట్టుపక్కల పల్లెల్లో కరణాలు రాసిన లెక్కలు తాలూకా కచేరీకి చేరేవి. అక్కడి నుంచి కడప కలెక్టరు కార్యాలయానికి, ఆపైన మద్రాసుకు వెళ్లేవి. పల్లెలోని మనిషి ప్రభుత్వానికి కనిపించింది చాలావరకు ఈ కాగితాల ద్వారానే. అందువల్ల ఆ కాగితంలో ఎవరికి చోటు దొరికింది, ఏ పేరుతో దొరికింది, దాని ఫలితం ఏమిటి అన్న ప్రశ్నలు కేవలం గణాంకశాస్త్రానికి సంబంధించినవి కావు. అవి సామాజిక న్యాయానికి సంబంధించినవి.

పాశ్చాత్య దేశాల్లో జాతివివక్షకు సంబంధించి జరుగుతున్న చర్చ మన దేశంలో ప్రధానంగా కులం చుట్టూ సాగుతుంది. 2001లో దర్బన్‌లో జరిగిన ప్రపంచ సదస్సులో కులాన్ని జాతివివక్షతో సమానంగా చూడవచ్చునా అన్న వాదం చెలరేగింది. పుట్టుక ఆధారంగా సాగే వివక్ష కూడా జాతివివక్ష ఒప్పందం పరిధిలోకి వస్తుందని 2002లో ఐక్యరాజ్యసమితి సంబంధిత కమిటీ అభిప్రాయపడింది. ఈ రెండు చర్చలకూ ఉమ్మడిగా ఉన్న అంశం లెక్క.

2. గ్రామలెక్క - భూమి కనిపించింది, కూలి కనిపించలేదు:

1800లో దత్త మండలాలు ఈస్టిండియా కంపెనీకి దక్కిన తరువాత థామస్ మన్రో 1807 వరకు వాటికి ప్రధాన కలెక్టరుగా పనిచేశాడు. ఆయన చేయించిన పొలాల సర్వే రైత్వారీ విధానానికి పునాది అయింది. ఏ పొలం ఎవరి పేరున ఉంది, దాని విస్తీర్ణమెంత, శిస్తు ఎంత అన్నవి ఆ లెక్కకు ముఖ్యం. రాబడి కోసం పుట్టిన లెక్క కాబట్టి శిస్తు కట్టేవాడే అందులో ప్రధాన పాత్ర. ఆ పొలాన్ని దున్నిన కూలికి, చచ్చిన గొడ్డును మోసిన మాదిగకు, ఊరి వెట్టి చేసిన మాలకు ఇనాం తునక ఏదైనా ఉంటేనే అందులో చోటు దొరికేది.

లెక్క రాసే కరణం పదవి వంశపారంపర్యం. అందులో అధికభాగం బ్రాహ్మణులు. చదువు, కలం, దస్తావేజు ఒకే చోట చేరడం వల్ల చదవలేనివాడు తన గురించి ఏం రాశారో తెలుసుకోలేకపోయాడు. 1984లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వంశపారంపర్య గ్రామాధికారుల వ్యవస్థను రద్దు చేసేదాకా ఈ స్థితి ఏదో ఒక రూపంలో కొనసాగింది. లెక్కలోని అంకెల కన్నా ముందు లెక్క రాసే చేతిని పరిశీలించాలన్న పాఠం ఇక్కడ దొరుకుతుంది.

3. ధాత కరువు - ప్రభుత్వాన్ని నిలదీసిన లెక్క:

మద్రాసు రాష్ట్రంలో 1871 జనాభా లెక్కల నివేదికను డబ్ల్యు.ఆర్. కార్నిష్ రూపొందించాడు. ఆ లెక్కల ప్రకారం కడప జిల్లా జనాభా 13.5 లక్షలు. 1881 నాటికి అది 11.2 లక్షలకు పడిపోయింది. కర్నూలు జిల్లాలో తగ్గుదల ఇంకా ఎక్కువ, దాదాపు నాలుగోవంతు. ఈ రెండు లెక్కల మధ్య కాలంలోనే 1876-78 నాటి ధాత కరువు వచ్చింది.

కరువు ఖర్చు తగ్గించేందుకు భారత ప్రభుత్వం పంపిన రిచర్డ్ టెంపుల్, సహాయపనుల్లోని కూలీకి రోజుకు ఒక పౌను ధాన్యం, కొద్దిపాటి డబ్బు చాలునని నిర్ణయించాడు. మద్రాసు పారిశుద్ధ్య కమిషనరుగా ఉన్న కార్నిష్ దీన్ని వ్యతిరేకించాడు. శిబిరాల్లో కూలీల శరీరస్థితిని, మరణాల సంఖ్యను చూపి ఆ కూలితో మనిషి బతకలేడని వాదించాడు. 1877 మేలో మద్రాసు ప్రభుత్వం కూలి రేటు పెంచింది. ఆ మార్పు చాలామందికి ఆలస్యంగా అందినా, ప్రభుత్వం తాను సేకరించిన అంకెలకు తానే జవాబు చెప్పుకోవలసిన స్థితి ఏర్పడడం గమనార్హం.

ఈ లెక్కకు ఒక పరిమితి ఉంది. తగ్గిన 2.3 లక్షల మందిలో ఎవరు ఏ కులంవారు, ఎవరు భూమిలేనివారు అన్నది జిల్లా మొత్తపు అంకెలో కనిపించదు. మొత్తం జనాభాను తెలిపే అంకె విపత్తు తీవ్రతను మాత్రమే చూపుతుంది. ఆ విపత్తు ఎవరిపై ఎక్కువగా పడిందో తెలియాలంటే ఆ అంకెను విడదీసి చూడాలి.

4. నేరస్థ జాతులు - లెక్కే శిక్షగా మారిన సందర్భం:

విడదీసి చూడడంలో ప్రమాదం కూడా ఉంది. 1871లో ఉత్తర భారతంలో మొదలైన నేరస్థ జాతుల చట్టం 1911లో మద్రాసు రాష్ట్రానికి విస్తరించింది. ఎరుకల వంటి సంచార సమూహాల పేర్లు పోలీసు రిజిస్టర్లకెక్కాయి. వేలిముద్రలు తీసుకోవడం, హాజరు వేయించుకోవడం, ఊరు విడిచి వెళ్లాలంటే అనుమతి పొందడం తప్పనిసరి అయ్యాయి. సాల్వేషన్ ఆర్మీ ఆధ్వర్యంలో స్టూవర్టుపురం వంటి సెటిల్మెంట్లు ఏర్పడ్డాయి. ఎద్దులపైన, గాడిదలపైన ఉప్పు, ధాన్యం మోసిన వర్తకాన్ని రైలు దెబ్బతీసిందన్న సంగతి ఆ రిజిస్టరులో ఉండదు. పుట్టుక మాత్రమే అందులో ఉంటుంది.

అదే కాలంలో మద్రాసు మ్యూజియం అధిపతి ఎడ్గార్ థర్‌స్టన్ మనుషుల తలలు, ముక్కులు కొలిచి కులాలను వర్ణించే ప్రయత్నం చేశాడు. దక్షిణ భారత కులాలు, తెగలపై ఆయన ఏడు సంపుటాలు 1909లో వెలువడ్డాయి. సామాజిక భేదాన్ని శరీరభేదంగా చూపే ఈ పద్ధతిలో జాతిభావన, కులభావన కలిసిపోయాయి. నేరస్థ జాతుల చట్టం దేశవ్యాప్తంగా 1952లో రద్దయింది. అయితే చట్టం పోయినంత సులభంగా దాని ముద్ర పోలేదు. పేరు ఒకసారి రిజిస్టరుకెక్కితే ఆ మనిషి పిల్లల దాకా వస్తుంది.

5. ఉద్యోగాల లెక్క - బాధ్యతతో ముడిపడిన అంకెలు:

జిల్లా ఉద్యోగాలు కొన్ని పలుకుబడిగల కుటుంబాల చేతిలోనే ఉండిపోకుండా వివిధ కులాలకు పంచాలని మద్రాసు రెవెన్యూ బోర్డు 1854లోనే కలెక్టర్లకు స్థాయీ ఉత్తర్వు ఇచ్చింది. ఆదేశం ఉంది కాని, అది అమలైందో లేదో చూపే లెక్క లేదు. అందువల్ల దశాబ్దాలపాటు అది కాగితానికే పరిమితమైంది.

1921లో జస్టిస్ పార్టీ ప్రభుత్వం ఇచ్చిన కమ్యూనల్ జీవో ఈ లోటును కొంత పూరించింది. నియామకాల వివరాలను సముదాయాల వారీగా పంపాలని అది శాఖలను కోరింది. 1927 జీవో మరో అడుగు ముందుకు వేసింది. ప్రతి 12 నియామకాల్లో బ్రాహ్మణేతర హిందువులకు 5, బ్రాహ్మణులకు 2, ముస్లింలకు 2, ఆంగ్లో ఇండియన్లు, క్రైస్తవులకు 2, అణగారిన వర్గాలకు 1 చొప్పున కేటాయించింది. ఇక్కడ అంకె వర్ణనగా మిగలక నియమంగా మారింది. 1951లో చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు ఈ విధానాన్ని కొట్టివేయగా, అదే ఏడాది మొదటి సవరణ ద్వారా రాజ్యాంగంలో 15(4) అధికరణం చేరింది.

12లో ఒకటి మాత్రమే దక్కిన అణగారిన వర్గాల స్థితి, అయిదు దక్కిన బ్రాహ్మణేతరుల్లో భూస్వామి, చాకలి ఒకే గడిలో ఉండడం ఈ లెక్కలోని లోపాలు. ఆ గడిని విడదీసే పని ఆంధ్రప్రదేశ్‌లో 1970 నాటి అనంతరామన్ కమిషన్ నివేదికతో మొదలైంది. వెనుకబడిన తరగతులను ఎ, బి, సి, డి వర్గాలుగా విభజించి 25 శాతం రిజర్వేషన్ కల్పించిన పద్ధతిని 1972లో బలరాం కేసులో సుప్రీంకోర్టు సమర్థించింది.

6. తామే పెట్టుకున్న పేరు - ఆది ఆంధ్ర:

లెక్కించబడేవారు లెక్కను ప్రశ్నించిన ముఖ్య ఘట్టం 1917లో బెజవాడలో జరిగింది. భాగ్యరెడ్డి వర్మ అధ్యక్షతన జరిగిన సభ పంచములన్న పేరును తిరస్కరించి ఆది ఆంధ్రులన్న పేరును స్వీకరించింది. 1922లో మద్రాసు ప్రభుత్వం ఈ పేరును అంగీకరించింది. ఆ తరువాతి జనాభా లెక్కల్లో చాలామంది ఆది ఆంధ్రులుగా నమోదయ్యారు.

అవమానాన్ని తొలగించిన ఈ పేరు తరువాతి కాలంలో ఒక చిక్కును తెచ్చింది. మాలలూ మాదిగలూ ఒకే పేరు కింద చేరడం వల్ల ఎవరి వాటా ఎంతో తేల్చడం కష్టమైంది. ఐక్యతకు అవసరమైన పేరు వేరు, పంపకానికి అవసరమైన లెక్క వేరు. ఈ వైరుధ్యమే వర్గీకరణ ఉద్యమంలో మళ్లీ ముందుకు వచ్చింది.

7. వర్గీకరణ - ఒకే గడిలోని అసమానత:

1951 నుంచి జనగణనలో షెడ్యూల్డు కులాలు, తెగలు తప్ప మిగతా కులాల లెక్క ఆగిపోయింది. 1980లో మండల్ కమిషన్ కూడా 1931 అంకెల మీదే ఆధారపడవలసి వచ్చింది. షెడ్యూల్డు కులాల లెక్క ఉన్నా, పాలనలో అది ఎస్సీ అన్న ఒక్క గడిగానే మిగిలింది. ఆ గడి నిండితే ప్రభుత్వ బాధ్యత తీరినట్టే. అందులో ఎవరు నిండారన్న ప్రశ్నను 1994లో ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగ దండోరా లేవనెత్తింది.

జస్టిస్ రామచంద్రరాజు కమిషన్ నివేదిక ఆధారంగా 1997లో 15 శాతం రిజర్వేషన్‌ను నాలుగు వర్గాలకు పంచారు. రెల్లి వర్గానికి 1, మాదిగ వర్గానికి 7, మాల వర్గానికి 6, ఆది ఆంధ్ర వర్గానికి 1 శాతం దక్కాయి. న్యాయవివాదాల తరువాత 2000లో చట్టం వచ్చింది. 2004లో ఇ.వి. చిన్నయ్య కేసులో సుప్రీంకోర్టు దాన్ని కొట్టివేసింది. షెడ్యూల్డు కులాలన్నీ ఒకే తరగతి అన్నది ఆ తీర్పు సారాంశం. రెండు దశాబ్దాల తరువాత, 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం 6-1 మెజారిటీతో ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చింది. వర్గీకరణకు తగిన ఆధారాలు ఉండాలని కూడా నిర్దేశించింది.

2025 ఏప్రిల్‌లో రెండు తెలుగు రాష్ట్రాలూ వర్గీకరణను అమలులోకి తెచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో మూడు వర్గాలకు వరుసగా 1, 6.5, 7.5 శాతం, తెలంగాణలో 1, 9, 5 శాతం కేటాయించారు. రెండు చోట్లా మొత్తం 15 శాతమే, కులాలు 59. రాష్ట్రం మారగానే వాటా మారిందంటే ఉమ్మడి రాష్ట్రపు సగటు ఏ ప్రాంతపు వాస్తవాన్నీ పూర్తిగా చూపలేదని అర్థమవుతుంది. ఈ తర్కం ఇంకా కిందికి కూడా వర్తిస్తుంది. రాష్ట్రపు సగటు కమలాపురం వంటి మెట్టప్రాంతపు పల్లెను చూపగలదా అన్న ప్రశ్నకు జిల్లా, మండల స్థాయి లెక్కలే సమాధానం చెప్పగలవు. పైగా ఆంధ్రప్రదేశ్‌లో 2025 నాటి పంపకానికి ఆధారం 2011 జనాభా లెక్క.

8. అవ్వ చూపు, పోలీసు చూపు:

కెనడాలోని బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం 2022లో జాతివివక్ష వ్యతిరేక దత్తాంశ చట్టం చేసింది. దానికి ముందు 2020లో అక్కడి మానవహక్కుల కమిషనర్ ఇచ్చిన నివేదిక, లెక్క సేకరించే ప్రభుత్వం నిఘాకన్నులా కాక, మనవల మంచిచెడ్డలు తెలుసుకోగోరే అవ్వలా ఉండాలన్న ఒక ఆదివాసీ ఆలోచనను ముందుంచింది. తెలుగు నేల అనుభవంలో ఈ రెండు చూపులూ ఉన్నాయి. 1911 రిజిస్టరు పోలీసు చూపు. కార్నిష్ లెక్కలో అవ్వ చూపు ఛాయలు కనిపిస్తాయి.

9. ముగింపు:

- లెక్క రాసే అధికారం ఒకే వర్గం చేతిలో ఉన్నప్పుడు కింది వర్గాలు అందులో కనిపించలేదు.
- లెక్కించబడేవారి సమ్మతి లేని నమోదు శిక్షగా మారింది. వారే ఎంచుకున్న పేరు ఆత్మగౌరవాన్నిచ్చింది.
- విడదీయని అంకె లోపలి అసమానతను కప్పిపెట్టింది.
- బాధ్యతతో ముడిపడనిదే ఏ అంకె కూడా న్యాయం చేయలేదు. 1854 ఉత్తర్వుకూ 1927 జీవోకూ ఉన్న తేడా ఇదే.

2011 సామాజిక, ఆర్థిక, కుల సర్వేలో 46 లక్షలకు పైగా కులాల పేర్లు వచ్చాయి. ఆ కుల వివరాలు వెలువడలేదు. 2027 జనగణనలో కులాల లెక్క తీయాలని కేంద్రం 2025లో నిర్ణయించింది. ఆ లెక్క కోసం కమలాపురం పల్లెల్లో గడపగడపకూ వెళ్లే గణకుడి చేతిలో ఉండేది ఒకప్పటి కరణం చేతిలో ఉన్న అధికారమే. రాసుకున్నది రాసినవారికే పరిమితం కాకుండా, రాయించుకున్నవారు చదివి ప్రశ్నించగలిగే స్థితి వచ్చినప్పుడే ఆ లెక్క వారికి న్యాయం చేస్తుంది.